2018 మార్చి: ప్రశ్న మారిపోయిన పదిహేను రోజులు

క్రికెటర్ మహ్మద్ షమీ తనకు దూరంగా ఉంటున్న భార్యకూ, కుమార్తెకూ చెల్లించాల్సిన భరణం వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లడంతో పాత వాదన మళ్లీ రాజుకుంది. భార్యకు నెలకు లక్షన్నర, కుమార్తెకు రెండున్నర లక్షలు, మొత్తం 4 లక్షల రూపాయలు ఇవ్వాలని కలకత్తా హైకోర్టు 2025 జూలై 1న ఆదేశించింది. ఆ మొత్తం చాలదంటూ ఆమె వేసిన పిటిషన్‌పై సుప్రీంకోర్టు నవంబరులో నోటీసులు జారీ చేసింది. ఆ వెంటనే జనం రెండుగా చీలిపోయారు. 2018లో బంతిని గరుకు కాగితంతో గీకిన ఆస్ట్రేలియా ఆటగాళ్లను ఏడాదిపాటు వెలివేసిన క్రికెట్ లోకం, ఇంట్లో హింసించాడన్న కేసు నడుస్తున్న ఆటగాడికి చప్పట్లు కొట్టడమేమిటన్నది ఒక వర్గం ప్రశ్న. ఆరోపణ వేరు, రుజువు వేరనీ, సంసారంలో గొడవలను మైదానంలోకి లాగకూడదనీ రెండో వర్గం జవాబు. షమీ, భార్య ఎప్పుడు, ఎలా విడిపోయారన్న కథ ఇక్కడ చెప్పడం లేదు. బంతి తప్పునూ ఇంటి తప్పునూ ఒకే తక్కెడలో వేసి తూచే అలవాటు మనకు ఎప్పటి నుంచి వచ్చిందన్నదే ఈ కథనానికి అవసరమైన విషయం. దానికి 2018 మార్చి నెలకు వెళ్లాలి.

ఆ మార్చి 7న భారత క్రికెట్ నియంత్రణ మండలి (బోర్డు) వార్షిక కాంట్రాక్టుల జాబితాను ప్రకటించింది. అందులో షమీ పేరు లేదు. అప్పటికి బయటికి వచ్చినవి ప్రధానంగా అతని భార్య సామాజిక మాధ్యమంలో చేసిన వివాహేతర సంబంధాల, గృహహింస ఆరోపణలు. కాబట్టి కాంట్రాక్టును ఆపడానికి కారణం అవేనని దేశమంతా అర్థం చేసుకుంది. ఆ వారంలోనే కోల్‌కతా పోలీసులు గృహహింస, హత్యాయత్నం సహా పలు సెక్షన్ల కింద షమీ మీదా, అతని కుటుంబ సభ్యుల మీదా కేసు నమోదు చేశారు. ఇవన్నీ అబద్ధాలనీ, తన ఆటను దెబ్బతీసే కుట్ర అనీ షమీ అప్పుడే ఖండించాడు.

ఆ తర్వాతి రోజుల్లో ఆరోపణల చిట్టాలోకి ఇంకొకటి చేరింది. దుబాయిలో పాకిస్తాన్‌కు చెందిన ఒక మహిళ ద్వారా షమీకి డబ్బు అందిందని భార్య అన్నారు. డబ్బు, దుబాయి, పాకిస్తాన్ అన్న మూడు మాటలు ఒకచోట వినపడగానే అంతవరకూ భార్యాభర్తల తగవుగా సాగిన కథ జాతీయ సమస్యగా మారిపోయింది. అప్పట్లో బోర్డును నడుపుతున్నది సుప్రీంకోర్టు నియమించిన పాలకుల కమిటీ. దాని అధ్యక్షుడు వినోద్ రాయ్, ఢిల్లీ మాజీ పోలీస్ కమిషనర్ నీరజ్ కుమార్ నేతృత్వంలోని అవినీతి నిరోధక విభాగానికి లేఖ రాసి, వారం రోజుల్లో నివేదిక ఇమ్మన్నారు. ఆ విభాగం తేల్చాల్సింది డబ్బు సంగతి ఒక్కటే: ఆ మహిళ ఎవరు, డబ్బు చేతులు మారిందా, మారితే ఎందుకు. ఇంట్లో ఏం జరిగిందో చూడమని ఎవరినీ అడగలేదు.

మార్చి 22న, అంటే సరిగ్గా పదిహేను రోజులకు, నివేదిక అందింది. అవినీతి నిరోధక నియమావళి కింద తదుపరి చర్య అవసరం లేదని కమిటీ తేల్చి, షమీకి 3 కోట్ల రూపాయల బి గ్రేడు కాంట్రాక్టు ఇచ్చింది. మరునాటి పత్రికలు ‘షమీకి క్లీన్‌చిట్’ అని శీర్షికలు పెట్టాయి. డబ్బుకు ఆటను అమ్ముకునే ఫిక్సింగ్ వరకే అయితే ఆ మాటలో తప్పు లేదు. కానీ కాంట్రాక్టును ఆపిన నాటి ప్రశ్న ఒకటి, ఇచ్చిన నాటి జవాబు వేరొక ప్రశ్నకు. మొదటి ప్రశ్నకు అవుననో కాదనో ఎవరూ చెప్పకుండానే అది మాయమైపోయింది. ఈ వివాదమంతటికీ మూలం ఈ మార్పిడిలోనే ఉందని నా అభిప్రాయం.

ఆ క్లీన్‌చిట్ వచ్చిన రెండు రోజులకే, మార్చి 24న కేప్‌టౌన్ టెస్టులో ఆస్ట్రేలియా ఆటగాడు కామెరాన్ బాన్‌క్రాఫ్ట్ బంతికి ఏదో రుద్ది, ఆ వస్తువును ప్యాంటులో దాచుకోవడం టీవీ కెమెరాలకు చిక్కింది. మొదట అంటుకునే టేపు అని చెప్పారు, తర్వాత అది గరుకు కాగితం అని తేలింది. అంతర్జాతీయ క్రికెట్ మండలి ఆ జట్టు కెప్టెన్ స్టీవ్ స్మిత్‌పై ఒక్క టెస్టు నిషేధం, మ్యాచ్ ఫీజంతా జరిమానా విధించి ఊరుకుంది. ఆస్ట్రేలియా బోర్డు మాత్రం స్మిత్‌కూ వైస్ కెప్టెన్ డేవిడ్ వార్నర్‌కూ ఏడాది, బాన్‌క్రాఫ్ట్‌కు తొమ్మిది నెలలు నిషేధం వేసింది. అదే రోజు, మార్చి 28న, మన బోర్డు కూడా స్మిత్, వార్నర్ ఆ ఏడాది ఐపీఎల్ ఆడడానికి వీల్లేదని ప్రకటించింది. సన్‌రైజర్స్ హైదరాబాద్ కెప్టెన్సీ వార్నర్ చేతుల్లోంచి కేన్ విలియమ్సన్‌కు వెళ్లింది. విలియమ్సన్ ఆ జట్టును ఫైనల్ దాకా నడిపించాడు కూడా.

ఆ వారంలో బోర్డు తీసుకున్న నిర్ణయాలు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే దాని లెక్క తెలుస్తుంది. మన మైదానాల్లో జరగని, మన జట్టుకు సంబంధం లేని బాల్ ట్యాంపరింగ్‌కు (బంతిని అక్రమంగా మార్చడానికి) మన టోర్నీలో చోటు లేదనడానికి బోర్డుకు నాలుగు రోజులు సరిపోయాయి. తనతో కాంట్రాక్టు ఉన్న ఆటగాడిపై నమోదైన క్రిమినల్ కేసు గురించి మాత్రం, అది అతని సొంత విషయం, కోర్టులు చూసుకుంటాయి అనుకుంది. జనం కూడా ఈ లెక్కనే పట్టుకున్నారు. సిడ్నీ విమానాశ్రయంలో స్మిత్ వెక్కివెక్కి ఏడ్చాక, వారం కిందట అతన్ని మోసగాడన్నవాళ్లే అయ్యో పాపం అన్నారు. ఏడ్చి ఒప్పుకున్నవాడిని క్షమించడం మన స్వభావమే. తప్పును ఒప్పుకున్నది బంతి విషయంలో కాబట్టి ఆ క్షమాపణకు ఒక మొదలూ, ఒక ముగింపూ ఉన్నాయి. 2019లో తిరిగొచ్చి 692 పరుగులతో ఐపీఎల్‌లో అత్యధిక పరుగులకిచ్చే ఆరెంజ్ క్యాప్ గెలిచిన వార్నర్, ఆ తర్వాత తెలుగు పాటలకు స్టెప్పులేసి మన ఇళ్లలో మనిషైపోయాడు. ఇప్పుడు ఉప్పల్‌లో ఎవరిని అడిగినా కేప్‌టౌన్ మాట ఆఖరున గుర్తొస్తుంది.

బంతి జోలికి వెళ్లడం మనకు ఎప్పుడూ మహాపాతకంగా కనిపించిందని కూడా అనుకోనక్కర్లేదు. 2001లో దక్షిణాఫ్రికాలో రిఫరీ మైక్ డెనెస్ బంతి జోలికి వెళ్లాడని సచిన్ టెండూల్కర్‌ను శిక్షించినప్పుడు దేశం ఆ రిఫరీ మీదే మండిపడింది. 2004లో బ్రిస్బేన్‌లో రాహుల్ ద్రావిడ్ నోట్లోని మిఠాయిని బంతికి రాసినట్టు తేలి మ్యాచ్ ఫీజులో సగం కోత పడితే, పొరపాటున జరిగి ఉంటుందని సరిపెట్టుకున్నాం. తప్పు బరువును నిర్ణయించేది తప్పు స్వభావం ఒక్కటే కాదనడానికి ఈ రెండూ చాలు.

బోర్డు ఎందుకు డబ్బు గురించే అడిగిందన్న ప్రశ్నకు జవాబు మన హైదరాబాద్‌లోనే ఉంది. 2000 ఏప్రిల్‌లో ఢిల్లీ పోలీసులు దక్షిణాఫ్రికా కెప్టెన్ హాన్సీ క్రోనే ఫిక్సింగ్ ఫోన్ సంభాషణలను బయటపెట్టాక కదిలిన తీగ, అదే ఏడాది డిసెంబరులో హైదరాబాదీ, భారత మాజీ కెప్టెన్ మహ్మద్ అజహరుద్దీన్‌పై జీవితకాల నిషేధం దాకా వెళ్లింది. 99 టెస్టుల దగ్గర ఆ కెరీర్ ఆగిపోయింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదని 2012లో తీర్పు చెప్పేలోపే ఆయన మొరాదాబాద్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. తర్వాత హైదరాబాద్ క్రికెట్ సంఘానికి అధ్యక్షుడయ్యారు, 2025 అక్టోబరు 31న తెలంగాణ మంత్రిగా ప్రమాణం చేశారు. ఆ దుమారం నుంచి క్రికెట్ సంస్థలు నేర్చుకున్న పాఠం ఒక్కటే: ఫలితాన్ని అమ్ముకుంటే ప్రేక్షకుడు రాడు, ప్రేక్షకుడు రాకపోతే ఆటే లేదు. అంతర్జాతీయ మండలి 2000లోనే అవినీతి నిరోధక విభాగాన్ని పెట్టింది. మన బోర్డూ అదే దారి పట్టింది. ఆటగాడి ఇంటి మనుషులకు జరిగే హానిని విచారించడానికి మాత్రం అలాంటి విభాగమేదీ పుట్టలేదు. దానివల్ల టిక్కెట్ల అమ్మకం తగ్గదు కదా.

కోర్టులు తేల్చేవరకూ ఆగాలన్న వాదం పైకి న్యాయంగానే వినిపిస్తుంది. కానీ బోర్డు ఆ నియమాన్ని అన్ని తప్పులకూ వర్తింపజేయలేదు. భారత పేసర్ శ్రీశాంత్ కేసును చూడండి. 2013 స్పాట్ ఫిక్సింగ్ (డబ్బు కోసం ఆటలో కొంత భాగాన్ని ముందే కుదుర్చుకోవడం) వ్యవహారంలో బోర్డు అతనిపై జీవితకాల నిషేధం వేసింది. 2015 జూలైలో ఢిల్లీ కోర్టు అతనిపై అభియోగాలను కొట్టేసింది. అయినా బోర్డు నిషేధాన్ని ఎత్తివేయలేదు. క్రిమినల్ కేసు వేరు, క్రమశిక్షణ చర్య వేరు అని వాదించింది. చివరికి 2019 మార్చిలో సుప్రీంకోర్టు జీవితకాల శిక్షను పక్కనపెట్టి మళ్లీ ఆలోచించమన్నాకే అది ఏడేళ్లకు తగ్గింది. కోర్టు వదిలేసినా తాను వదలనన్న సంస్థే, మరో తప్పు దగ్గరికి వచ్చేసరికి కోర్టు చెప్పేదాకా కదలనన్నది.

అడుగు వేయడానికి అధికారం లేదన్న మాటా నిలవదు. 2019 జనవరిలో ఒక టీవీ ముచ్చట్ల కార్యక్రమంలో ఆడవాళ్లను కించపరిచేలా మాట్లాడారని హార్దిక్ పాండ్యా, కె.ఎల్. రాహుల్‌లను బోర్డు తన 41వ నిబంధన కింద సస్పెండ్ చేసి, ఆస్ట్రేలియా నుంచి ఇంటికి పంపించింది. తర్వాత బోర్డు అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు విచారించే అధికారి) ఇద్దరికీ చెరో 20 లక్షల జరిమానా వేశారు. ఆ నోటి దురుసును నేను సమర్థించడం లేదు. అయితే అది దేశమంతా చూసిన కార్యక్రమం, ప్రకటనదారులు ఇబ్బంది పడిన మాటలు. రెండు నెలల తర్వాత, 2019 మార్చిలో, కోల్‌కతా పోలీసులు షమీపై ఛార్జిషీటు వేశారు. మొదటి కేసులోని హత్యాయత్నం సెక్షను అందులో లేదు. భర్త, అత్తవారి వేధింపులకు, లైంగిక వేధింపులకు సంబంధించిన సెక్షన్లు ఉన్నాయి. సెప్టెంబరులో అలీపూర్ కోర్టు అరెస్టు వారంటు ఇచ్చినప్పుడు, ఛార్జిషీటు చూడనిదే ఏమీ చేయలేమని బోర్డు వర్గాలు చెప్పాయి. ఆ ఛార్జిషీటు దాఖలై అప్పటికి ఆరు నెలలు. వారంటుపై తర్వాత పై కోర్టు స్టే ఇచ్చింది.

ఆగడమే మేలనేవారికి గట్టి ఉదాహరణలు రెండున్నాయి. లైంగిక దాడి ఆరోపణపై 2022 నవంబరులో సిడ్నీలో అరెస్టయిన దనుష్క గుణతిలకను శ్రీలంక బోర్డు వెంటనే సస్పెండ్ చేసింది, మరుసటి ఏడాది అక్కడి కోర్టు నిర్దోషిగా తేల్చింది. నేపాల్ స్పిన్నర్ సందీప్ లామిచానేకు అత్యాచారం కేసులో కింది కోర్టు ఎనిమిదేళ్ల శిక్ష వేస్తే, 2024 మేలో పై కోర్టు కొట్టేసింది. ఈ రెండు చోట్లా బోర్డులు ముందు పక్కన పెట్టాయి; నేపాల్ బోర్డు బెయిలు వచ్చాక మధ్యలో ఆడనిచ్చినా, శిక్ష పడ్డాక మళ్లీ పక్కన పెట్టింది. నిర్దోషులని తేలాక ఇద్దరిపైనా నిషేధం తొలగింది. అందులో కొన్ని నెలల ఆట పోయిన మాట నిజమే.

షమీ పట్ల జనం ఎలా ప్రవర్తించారో చూస్తే తూకం ఇంకా విచిత్రంగా ఉంటుంది. 2021 అక్టోబరులో దుబాయిలో పాకిస్తాన్ చేతిలో భారత్ ఓడిన రాత్రి అతని మీద బూతులు కురిశాయి. వాటిలో గృహహింస కేసు ప్రస్తావన కాదు, అతని మతం ప్రధానం. ఆ దాడిని విరాట్ కోహ్లీ బహిరంగంగా ఖండించాడు, అది మెచ్చదగిన పని. రెండేళ్లకు, 2023 ప్రపంచకప్‌లో, 24 వికెట్లతో, వాంఖడే సెమీఫైనల్లో న్యూజిలాండ్‌పై 57 పరుగులకే 7 వికెట్లతో అతను దేశానికి హీరో అయ్యాడు. ఆ వారాల్లో సామాజిక మాధ్యమాలు కేసు పెట్టిన భార్యను వెక్కిరించడానికి పోటీపడ్డాయి. ప్రతి వికెట్టూ ఆమెకు చెంపపెట్టు అన్నట్టే రాశారు. 2024 జనవరిలో రాష్ట్రపతి చేతుల మీదుగా అర్జున అవార్డు అందింది. ఒకే మనిషిని చేయని తప్పుకు తిట్టినవాళ్లు, తేలని ఆరోపణ విషయంలో ఫిర్యాదు చేసిన మనిషిని తిట్టారు.

ఇప్పటి వాదనలో ఇరుపక్షాలూ భరణం అంకె చుట్టూనే తిరుగుతున్నాయి: 4 లక్షలు ఎక్కువా, తక్కువా. కింది కోర్టు 2023లో భార్యకు 50 వేలు, కుమార్తెకు 80 వేలు నిర్ణయించిందనీ, హైకోర్టు దాన్ని మూడింతలు చేసిందనీ లెక్కలు కడుతున్నారు. భరణం కేసులో తేలేది ఎవరి ఆదాయం ఎంత, ఎవరి అవసరం ఎంత అన్నదే. హింస జరిగిందా లేదా అన్నది అందులో తేలదు. 2018లో డబ్బు ప్రశ్నకు వచ్చిన జవాబును మొత్తానికి జవాబుగా చదువుకున్నట్టే, ఈసారీ డబ్బు ప్రశ్ననే మొత్తం ప్రశ్నగా చదువుతున్నారు.

షమీని 2024 నవంబరు వేలంలో 10 కోట్లకు కొన్నది మన సన్‌రైజర్సే. ఒక సీజన్ ఆడి, తొమ్మిది మ్యాచ్‌ల్లో ఆరు వికెట్లు తీశాడు. ఏడాది తిరిగేసరికి, 2025 నవంబరులో, జట్టు అతన్ని లక్నోకు బదిలీ చేసింది. సుప్రీంకోర్టు నోటీసులు వెళ్లింది కూడా ఆ నెలలోనే. బదిలీ గురించి హైదరాబాద్‌లో జరిగిన చర్చలో వినపడినవి అతని వయసు, పాత గాయం, ఆ ఆరు వికెట్లు.