జనవరి లోడ్, ఆగస్టు ఎండ: రైఫిల్ పౌడర్ మీద అపోహలు, వాస్తవాలు

జూన్ వచ్చిందంటే నాకు ఒకే రకం ఫోన్లు. "అన్నా, చలికాలంలో చేసుకున్న లోడే. పౌడర్ అదే, బుల్లెట్ అదే, ఏమీ మార్చలేదు. ఇవాళ బోల్ట్ లేవట్లేదు." (లోడ్ అంటే తూటాకి ఎంచుకున్న పౌడర్, బుల్లెట్ల కొలత. బోల్ట్ అంటే తూటా వెనక రైఫిల్‌ని మూసే గడియ.) డాలస్ దగ్గర ఒక క్లబ్ రేంజ్‌లో శనివారాలు సేఫ్టీ ఆఫీసర్‌గా నిలబడతాను. రీలోడింగ్, అంటే ఖాళీ కేస్‌లో (తూటా ఇత్తడి గొట్టంలో) మళ్లీ పౌడర్, బుల్లెట్ పెట్టి తూటా చేసుకోవడం, కొత్తగా మొదలుపెట్టినవాళ్లని ప్రెస్ (తూటాలు బిగించే యంత్రం) దగ్గర కూర్చోబెట్టి నేర్పిస్తాను కూడా. ఈమధ్య మన తెలుగువాళ్లు బాగానే వస్తున్నారు, జింకల వేటకి కొందరు, పేపర్ టార్గెట్ల మీద పిచ్చితో కొందరు. అందరూ తెలివైనవాళ్లే. అందరూ పడే గుంట మాత్రం ఒక్కటే, అందుకే దాని గురించే ఎక్కువ రాస్తాను.

అపోహ: చలికాలంలో ప్రెషర్ సైన్లు (ప్రెషర్ ఎక్కువైందని చూపే గుర్తులు) ఏమీ కనబడలేదు కాబట్టి ఈ లోడ్ సేఫ్.

కాదు. ఆ రోజు, ఆ చలిలో కనబడలేదు, అంతే.

స్మోక్‌లెస్ పౌడర్ (ఇప్పటి తూటాల్లో వాడే మందు) ఎంత త్వరగా మండుతుందన్నది ప్రైమర్ (తూటా అడుగున ఉండి మందుని అంటించే చిన్న కప్పు) పేలే క్షణానికి ఆ పౌడర్ ఎంత వేడిగా ఉందన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. గింజ ముందే వేడిగా ఉంటే అంటుకోవడానికి ఇంకాస్త వేడి చాలు, మంట పైనుంచి లోపలికి త్వరగా తినేస్తుంది. బుల్లెట్ బ్యారెల్‌లో ఇంకా నాలుగడుగులు వేయకముందే గ్యాస్ పుట్టుకొచ్చేస్తుంది. దానికి చోటు చాలదు. ప్రెషర్ పెరుగుతుంది.

ఎంత పెరుగుతుంది? వేడిని పట్టించుకోకుండా తయారైన పౌడర్లలో ఫారెన్‌హీట్ డిగ్రీకి గుండు వేగం ఒక ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఒక అడుగు) అటూఇటూ, కొన్నిటిలో ఒకటిన్నర దాకా. జనవరి పొద్దున 40 డిగ్రీలు, ఆగస్టు మధ్యాహ్నం 100. తేడా 60 డిగ్రీలు, అంటే 60 ఎఫ్‌పీఎస్. 2,600 ఎఫ్‌పీఎస్‌తో వెళ్లే .308 అనే రైఫిల్ తూటాకి అది రెండు శాతం పైచిలుకు. "ఓస్, ఇంతేనా" అంటారు. కానీ వేగం పెరిగే శాతం కంటే ప్రెషర్ పెరిగే శాతం ఎక్కువ, మోటు లెక్కకి రెట్టింపు పైనే వేసుకోండి. .308 విన్‌చెస్టర్‌కి పరిశ్రమ ప్రమాణం ప్రకారం గరిష్ఠ ప్రెషర్ 62,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). జనవరిలోనే 61,000 దగ్గర కూర్చున్న లోడ్‌కి అయిదు శాతం కలిపితే 64,000. మీరు ఒక్క గింజ కూడా ఎక్కువ పోయలేదు. ఎండ పోసింది.

ఇక ప్రెషర్ సైన్ల సంగతి. ప్రైమర్ చదునవడం, కేస్ అడుగున ఎజెక్టర్ (ఖాళీ కేస్‌ని బయటికి తోసే పిన్ను) ముద్ర, బోల్ట్ బిగుసుకోవడం: ఇవి చాలా రైఫిళ్లలో గరిష్ఠం దాటాకే కనబడతాయి. బ్రాస్ (కేస్ ఇత్తడి) గట్టిదైతే, ప్రైమర్ కప్పు మందంగా ఉంటే ఇంకా ఆలస్యంగా. ఇంట్లో పొగ కనబడలేదు కాబట్టి గ్యాస్ లీక్ లేదు అనుకోవడం లాంటిదే ఇది.

ఇదంతా పుస్తకంలో చదివి చెబుతున్నాను అనుకోకండి. నా మొదటి 6.5 క్రీడ్‌మూర్ (ఇంకో రకం రైఫిల్ తూటా) లోడ్ ఒక జనవరిలో చేశాను. బెంచ్ మీద మంచు పట్టి ఉంది, వేళ్లు కొంకర్లు పోతున్నాయి, గ్రూపు (గుండ్లు పడ్డ చోట్ల మధ్య దూరం) మాత్రం అర అంగుళం. నోట్‌బుక్‌లో "బాగుంది, ఇంకాస్త పెంచొచ్చు" అని రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పటికీ దాచాను. ఛార్జ్ (పోసే పౌడర్ కొలత) ఇంకాస్త పెంచాను కూడా. ఆగస్టులో అదే డబ్బా, ఎండలో బెంచ్ మీద. మొదటి మూడు బాగానే పేలాయి. నాలుగోదానికి బోల్ట్ హ్యాండిల్ పైకి రాలేదు. అరచేత్తో కొడితే వచ్చింది. కేస్ అడుగున అర్ధచంద్రంలా మెరుస్తున్న గీత. ఇంటికొచ్చి ఆ కేస్‌లో కొత్త ప్రైమర్ పెడితే బొటనవేలితోనే దిగిపోయింది, ప్రైమర్ పాకెట్ అంత వదులైపోయింది. మిగిలిన 46 తూటాల బుల్లెట్లు ఒక్కొక్కటీ ఊడదీస్తూ ఆ రాత్రి ఒంటిగంట దాకా గరాజ్‌లో కూర్చున్నాను.

అసలు సిగ్గుపడాల్సింది ఇంకొకటి. జనవరి క్రోనోగ్రాఫ్ (గుండు వేగం కొలిచే పరికరం) అంకెలు మళ్లీ చూస్తే, అంతే పొడవు బ్యారెల్‌తో రీలోడింగ్ మాన్యువల్‌లో గరిష్ఠ ఛార్జ్‌కి ఇచ్చిన వేగం కంటే నాది అప్పటికే 20 ఎఫ్‌పీఎస్ ఎక్కువ, అదీ గడ్డకట్టే చలిలో. అనుకున్నదానికంటే ఎక్కువ వేగం ఊరికే రాదు, ఎక్కువ ప్రెషర్‌తో వస్తుంది. నేను గ్రూపు చూసి మురిసిపోయానే కానీ అంకె చూడలేదు.

కాబట్టి ఇలా చేయండి. గరిష్ఠం దగ్గర లోడ్ కావాలంటే దాన్ని ఎండాకాలంలో, కింది ఛార్జ్ నుంచి మెల్లగా పైకి వస్తూ తయారుచేసుకోండి. చలికాలంలో చేసిన లోడ్ ఉంటే వేసవి మొదట్లో అయిదారు తూటాలు తగ్గించిన ఛార్జ్‌తో చేసి క్రోనోగ్రాఫ్ మీద చూడండి. నోట్‌బుక్‌లో వేగం పక్కన ఆ రోజు ఉష్ణోగ్రత రాయండి. ఉష్ణోగ్రత లేని వేగం నాకు చూపించొద్దు, నేను చూడను. బోల్ట్ ఒక్కసారి బిగుసుకున్నా ఆపేయండి. "ఇంకొక్కటి కాల్చి చూద్దాం" అనేవాళ్లని రేంజ్‌లో చాలామందిని చూశాను, ఆ ఇంకొక్కటి ఎందుకో నాకు అర్థం కాదు.

అపోహ: బయట 95 డిగ్రీలుంటే పౌడర్ కూడా 95.

నల్ల ప్లాస్టిక్ డబ్బాని ఎండలో పెట్టి గంటయ్యాక ముట్టుకుని చూడండి. లోపల తూటాలు గాలికంటే బాగా వేడెక్కి ఉంటాయి. అంతకంటే చెడ్డది వేడెక్కిన చాంబర్ (బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటు). పది రౌండ్లు గబగబా కాల్చి, పదకొండోది లోపల పెట్టి బోల్ట్ మూసి, గాలి ఆగేదాకా నిమిషం, రెండు నిమిషాలు ఎదురుచూసేవాళ్లున్నారు. ఆ తూటా అక్కడ పొయ్యి మీద గిన్నెలా ఉడుకుతోంది. తర్వాత "ఒకటి పైకి ఎగిరింది, స్కోప్ పాడైనట్టుంది" అంటారు. స్కోప్‌కి ఏమీ కాలేదు. 600 గజాల దగ్గర 60 ఎఫ్‌పీఎస్ తేడా అంటే గుండు పడే చోటులో దాదాపు అయిదు అంగుళాలు. ఎఫ్-క్లాస్ (దూరపు గురి పోటీ) టార్గెట్‌లో పది వలయం మొత్తం వెడల్పే ఆరు అంగుళాలు, నడిమికి గురిపెట్టిన గుండు తొమ్మిదిలో పడుతుంది. బ్యారెల్ వేడిగా ఉంటే గాలి చూసుకున్నాకే తూటా లోపల పెట్టండి. డబ్బాని ఐస్ లేని కూలర్‌లో, నీడలో ఉంచండి.

అపోహ: ఫలానా పౌడర్‌కి వేడి అసలు పట్టదు.

వార్గెట్, హెచ్4350 లాంటివి ఆస్ట్రేలియాలో తయారై హాడ్జ్‌డన్ పేరు మీద వస్తాయి. నేనూ అవే వాడతాను. వాటిలో మార్పు తక్కువ, డిగ్రీకి పావో అరో ఎఫ్‌పీఎస్. తక్కువ అంటే సున్నా కాదు. పైగా కేస్, ప్రైమర్, ఛార్జ్ మారితే ఆ తక్కువ కూడా మారుతుంది. డబ్బా మీద మాట చూసి గరిష్ఠం దాటేవాళ్లకి నా దగ్గర జవాబు లేదు.

అపోహ: ఇదంతా కొత్త పౌడర్లు అమ్ముకోవడానికి పుట్టించిన గోల.

నూరేళ్ల పైబడిన గోల ఇది. బ్రిటిష్‌వాళ్ల స్మోక్‌లెస్ పౌడర్ అయిన తొలి కార్డైట్‌లో 58 శాతం నైట్రోగ్లిజరినే. ఇంగ్లండ్ చలిలో బాగున్న తూటా మన దేశపు ఎండలో, ఆఫ్రికాలో ప్రెషర్ పెరిగి ఖాళీ కేస్ చాంబర్‌లో ఇరుక్కునేది. ఎదురుగా పులో ఏనుగో ఉన్నప్పుడు రైఫిల్ తెరుచుకోకపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అందుకే ఉష్ణదేశాలకి ఛార్జ్ తగ్గించిన తూటాలు వేరే చేసేవారు. 1911 నాటి .416 రిగ్‌బీ (పెద్ద జంతువుల వేట తూటా) కేస్ అంత పెద్దగా ఉండటానికి ఒక కారణం ఇదే, చోటు ఎక్కువుంటే ప్రెషర్ అదుపులో ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని చెప్పుకునే మనకి ఇది కొత్తగా అనిపించకూడదు.

అపోహ: ఎండలో పెడితే మందు ఆరిపోయి బాగా పేలుతుంది.

ఇది అచ్చంగా మనవాళ్ల అపోహ. దీపావళికి ముందు చిచ్చుబుడ్లు, మతాబులు చాట మీద పరిచి మేడ మీద ఎండబెట్టిన చేతులు కదా. అక్కడ జరిగేది చెమ్మ పోవడం. ఇక్కడ మూసి ఉన్న తూటాలో జరిగేది వేడెక్కడం, చల్లారితే మళ్లీ మామూలే. మూత సరిగ్గా పెట్టని పౌడర్ డబ్బా పొడి గాలికి ఆరిపోతే మాత్రం ఆ పౌడర్ నిజంగానే వేగంగా మండుతుంది, కాబట్టి మూత బిగించండి. నెలల తరబడి వేడిలో పడేసినా పాడవుతుంది: ఘాటు వాసన, తుప్పులాంటి ఎర్రపొడి కనబడితే దాన్ని వాడొద్దు.

చలిలో భయం లేదనేవాళ్లకి రెండు ముక్కలు. కొన్ని బాల్ పౌడర్లు (గుండ్రటి గింజలవి) చలికి సరిగ్గా అంటుకోవు. ట్రిగ్గర్ నొక్కితే "టక్" అని ఊరుకుంటే బోల్ట్ తెరవకండి, గొట్టం టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి. అంటుకోవట్లేదని మాగ్నమ్ ప్రైమర్‌కి (ఎక్కువ మంట ఇచ్చేదానికి) మారితే ఛార్జ్ మళ్లీ కింది నుంచి మొదలుపెట్టాలి.

ఇక చివరిది. మొన్న ఒకమ్మాయి ఏడుపు గొంతుతో ఫోన్ చేసింది. భర్త ఊళ్లో లేడు, తూటాల డబ్బా కారు డిక్కీలో ఉండిపోయింది, బయట 104, కారులో పిల్లల్ని ఎక్కించాలి. "పేలిపోతుందా అన్నయ్యా?" పేలదమ్మా. మూసిన కారులో 130, 140 ఫారెన్‌హీట్ అవుతుందేమో, పౌడర్ దానంతటది అంటుకోవాలంటే 300 పైన ఉండాలి. కంగారుపడకుండా డబ్బా తీసుకెళ్లి పిల్లలకి అందనిచోట తాళంలో పెట్టు, రేపటికి చల్లారిపోతుంది, మీ ఆయన్ని మాత్రం ఎండలో పెట్టినవి వెంటనే కాల్చొద్దను అని చెప్పాను. ఒక నిమిషం ఆగి, "పోనీ ఫ్రిజ్‌లో పెట్టనా?" అంది.

వద్దు తల్లీ, బయటికి తీస్తే చెమ్మ పడుతుంది. అల్మారా చాలు.