ఘాటుగా ఉంటే బాగా పనిచేస్తున్నట్టేనా?

ఊళ్లలో, అపార్ట్‌మెంట్లలో జనానికి కెమిస్ట్రీ ప్రయోగాలు చేసి చూపించడం నా పని. పండగ శుభ్రాల రోజుల్లో ఎక్కడికెళ్లినా ఒకటే ప్రశ్న: "బ్లీచింగ్ పౌడర్, బాత్‌రూమ్ యాసిడ్ కలిపి పోస్తే మరకలు తొందరగా పోతాయి కదండీ?"

పోవు. కలపకండి.

బాత్‌రూమ్ యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ యాసిడ్. అది బ్లీచింగ్ పౌడర్‌కి తగిలితే క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల మీదికి వదిలింది దీన్నే. గాలి కంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు. పైనున్న వెంటిలేటర్‌లోంచి పోకుండా నేల దగ్గరే పేరుకుంటుంది. మనం గచ్చు రుద్దేదేమో వంగి, కూర్చుని! పైగా మరకల మీద పనిచేయాల్సిన యాసిడ్, బ్లీచ్ ఒకదానితో ఒకటి కలిసి ఖర్చయిపోతాయి. సీసాల్లో అమ్మే బ్లీచ్ కూడా అంతే. చాలా టాయిలెట్ క్లీనర్లలో ఉండేదీ ఆ యాసిడే, లేబుల్ చదవండి. బ్లీచ్‌లో వెనిగర్, నిమ్మరసం కూడా వద్దు.

ఒకచోట ఇళ్లల్లో పనిచేసే ఆవిడ నన్ను పక్కకి పిలిచి చెప్పింది: "దగ్గొస్తోందమ్మా అంటే, ఘాటుగా ఉందంటే బాగా పనిచేస్తోందిలే అంటారు సార్." నాకు ఒళ్లు మండింది. ఆ ఘాటు పోయేది గచ్చులోకి కాదు, ఆవిడ ఊపిరితిత్తుల్లోకి.

ఇప్పటికే కలిపేసి కంగారు పడుతున్నారా? ముందు బయటికి రండి. కళ్లు మండితే మంచినీళ్లతో పదిహేను నిమిషాలు కడగండి. కాస్త దగ్గొచ్చి తగ్గిపోతే సాధారణంగా భయం లేదు. కానీ ఆయాసం కొన్ని గంటల తర్వాత కూడా రావచ్చు. వస్తే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. కుళాయి నీళ్లలో కాస్త బ్లీచింగ్ వాసన వస్తే విషం కలిసినట్టు కాదు. లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నదే మన తాగునీటి ప్రమాణం. "కెమికల్స్ లేని సబ్బు" అనేది లేదు, సబ్బే కెమికల్.

సబ్బు తగిలి పసుపు ఎర్రబడితే కల్తీ అట! ఈ ఫార్వర్డ్ ఎవరు పుట్టించారో గానీ, దిష్టి తీసే ఎర్రనీళ్లు పసుపు, సున్నంతోనేగా చేస్తాం? సబ్బుకీ, సున్నానికీ ఉండేది క్షార గుణమే. క్షారం తగిలితే అసలు పసుపు ఎర్రబడాల్సిందే. ఆ నీళ్లలో నిమ్మకాయ పిండండి, మళ్లీ పసుపచ్చగా మారతాయి. పిల్లలకి ఇది ఒక్కసారి చూపిస్తే ఇంట్లో నిమ్మకాయలు మిగలవు.