నచ్చిన పేజీ దగ్గర కన్ను ఎందుకు నెమ్మదిస్తుంది?

విక్టర్ నెల్ అనే దక్షిణాఫ్రికా మనస్తత్వ శాస్త్రవేత్త 1980లలో ఒక మామూలు ప్రశ్న పట్టుకున్నాడు. పరీక్ష కోసమో ఉద్యోగం కోసమో కాకుండా కేవలం సంతోషం కోసం చదివేవాళ్లు ఎలా చదువుతారు? అలాంటి పాఠకులు తమకు ఇష్టమైన పుస్తకం చదువుతుంటే వాళ్ల వేగాన్ని కొలిచాడు. అందులో బాగా నచ్చిన పేజీలేవో కూడా అడిగి తెలుసుకున్నాడు. కథ రసపట్టులో పడితే పేజీలు గబగబా తిరిగిపోతాయని మనందరి నమ్మకం. 1988లో ఆయన ప్రచురించిన ఫలితం అందుకు పూర్తిగా అడ్డం తిరిగింది. బాగా నచ్చిన పేజీలను పాఠకులు మిగతావాటి కంటే నెమ్మదిగా చదివారు.

ఈ చిన్న ఫలితం నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది. వెయ్యి పేజీల నవల చేతికిస్తే "అమ్మో, ఇదెప్పటికి అయ్యేను" అన్న టెన్షన్‌తోనే చాలామంది మొదలుపెడతారు. అంత సమయం పట్టడం నవల లోపమనో, తమ చదువు లోపమనో అనుకుంటారు. కంటి కదలికల మీద, జ్ఞాపకశక్తి మీద జరిగిన పరిశోధనలు చూస్తే నాకు అలా అనిపించదు. ఆ నెమ్మదిలోనే నవల మన లోపల తయారవుతుంది.

ముందు కన్ను సంగతి చూద్దాం. చదివేటప్పుడు చూపు వరుస వెంట నున్నగా జారిపోతుందనుకుంటాం. నిజానికి అది గెంతుతుంది. పారిస్‌లో ఎమిల్ జవాల్ అనే కంటివైద్యుడి ప్రయోగశాలలో పంతొమ్మిదో శతాబ్దం చివర్లోనే ఈ సంగతి గమనించారు. ఒక్కోచోట కన్ను దాదాపు పావు సెకను ఆగుతుంది, ఆ తర్వాత చటుక్కున ముందుకు దూకుతుంది. దూకే క్షణంలో కొత్తగా ఏమీ చదవలేం. చదువంతా ఆగినప్పుడే జరుగుతుంది. ఇంగ్లిష్ పాఠకుల మీద చేసిన కొలతల ప్రకారం ఈ గెంతుల్లో నూటికి పది పదిహేను వెనక్కే ఉంటాయి. అంటే బాగా చదవడం వచ్చిన పెద్దవాళ్లు కూడా అప్పటికే దాటిన మాట దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్తూనే ఉంటారు.

ఎందుకు వెళ్తారో తెలియాలంటే ఈ వాక్యం చూడండి: "వాన వెలిశాక చెరువుగట్టు మీద సుబ్బమ్మ ఎదురుచూసిన మనిషి కొడుకు మాత్రం వచ్చాడు." "మనిషి" దాకా వచ్చేసరికి, వచ్చేది ఆ మనిషే అని మనసు ఒక బొమ్మ గీసేసుకుంటుంది. "కొడుకు" అనగానే ఆ బొమ్మ చెరిగిపోతుంది. "మాత్రం" దగ్గర ఇంకో అనుమానం పుడుతుంది: అయితే తండ్రి రాలేదా? ఆ అనుమానంతోనే కన్ను "ఎదురుచూసిన" దగ్గరికి వెనక్కి వెళ్తుంది. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి పొడుగాటి వాక్యంలో ఎవరు ఏం చేశారో తేలడానికి చివరిదాకా ఓపిక పట్టాలి. మంచి రచయిత ఆ ఓపికను నమ్ముకునే వాక్యం రాస్తాడు.

ఈ వెనకచూపును ఆపేస్తే ఏమవుతుందో 2014లో ఎలిజబెత్ షాటర్, కీత్ రేనర్ బృందం పరీక్షించింది. చదువుతున్నవాళ్లు ఒక మాట దాటగానే తెర మీద అది కనిపించకుండా చేశారు. వెనక్కి వెళ్లినా చదవడానికి ఏమీ ఉండదు. అప్పుడు అర్థం చేసుకోవడం దెబ్బతింది. తికమకపెట్టే వాక్యాల్లోనే కాదు, మామూలు వాక్యాల్లోనూ. ఒక్కో మాటను తెర మధ్యలో చకచకా చూపించి నిమిషానికి వందల మాటలు చదివిస్తామనే యాప్‌లు సరిగ్గా ఈ వెనకచూపునే తీసేస్తాయి. ఈమెయిళ్లకు అది చెల్లుతుందేమో గానీ, నవలకు చెల్లదు.

ఇక జ్ఞాపకం. జాక్వెలిన్ శాక్స్ అనే పరిశోధకురాలు 1967లో చేసిన ప్రయోగం నాకు చాలా ఇష్టం. ఒక కథనం వినిపిస్తూ మధ్యలో ఆపి, ఇంతకుముందు విన్న వాక్యం ఇదేనా అని అడిగింది. వెంటనే అడిగితే మాటల్లో చిన్న మార్పునైనా పట్టేశారు. అర నిమిషం కూడా గడవకముందే మాటలు ఎగిరిపోయాయి, అర్థం మాత్రం నిలిచింది. వాక్యం అటూ ఇటూ మారినా అర్థం మారకపోతే శ్రోతలు గుర్తుపట్టలేకపోయారు. అర్థం మారితే ఇట్టే గుర్తుపట్టారు. అంటే మనసు వాక్యాలను దాచుకోదు. వాటి సాయంతో ఒక లోకం కట్టుకుని వాటిని వదిలేస్తుంది. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అన్నవన్నీ ఆ లోకంలో ఉంటాయి. వాల్టర్ కింట్ష్ వంటి శాస్త్రవేత్తలు దీన్ని సన్నివేశ నమూనా అన్నారు.

టాల్‌స్టాయ్ "యుద్ధము - శాంతి"లో ఐదు వందలకు పైగా పాత్రలున్నాయి. మనసు ఒక్క క్షణంలో పట్టి ఉంచగలిగేవి నాలుగైదు విషయాలే. అయినా ఆ నవలను లక్షల మంది చదివి ఆనందించారంటే కారణం ఈ లోకమే. మొదటి వంద పేజీల్లో పేర్లన్నీ కలగాపులగంగా ఉంటాయి. ఈ రాకుమారుడెవరు, ఆ పెద్దావిడ ఎవరి అత్త, ఒకే మనిషిని ముగ్గురు మూడు పేర్లతో పిలుస్తున్నారేమిటి అని తల పట్టుకుంటాం. మూడు వందల పేజీలు దాటాక అదే మనిషి గదిలోకి వస్తే పరిచయం అక్కర్లేదు. పాత గొడవలు, అప్పులు, ఆశలు అన్నీ ఒక్క పేరుతోపాటే లోపలికి వస్తాయి. ఇంత సరుకు ఒక్క పేరులో ఇమడడానికే ఆ మూడు వందల పేజీలు పట్టాయి. చిన్న కథ ఎంత గొప్పదైనా ఈ ఒక్క సుఖం మాత్రం ఇవ్వలేదు.

ఆ నవల ఇంగ్లిష్ అనువాదం ఐదున్నర లక్షల మాటల పైమాటే. మార్క్ బ్రిస్‌బెర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2019లో పాత అధ్యయనాలన్నీ క్రోడీకరించి, ఇంగ్లిష్‌లో కథాసాహిత్యాన్ని మౌనంగా చదివే సగటు వేగం నిమిషానికి 260 మాటలని తేల్చాడు. ఆ లెక్కన 35 గంటలు కావాలి. రాత్రికో గంట చదివితే నెల దాటుతుంది.

ఆ నెలలో పుస్తకం మూసి ఉన్న గంటలే ఎక్కువ. అవి వృథా అని నేననుకోను. జర్మనీకి చెందిన హెర్మన్ ఎబింగ్‌హౌస్ 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసుకుని, ఒకే బిగిన వల్లె వేసినదానికంటే ఎడమిచ్చి వల్లె వేసింది బాగా గుర్తుంటుందని చూపించాడు. ఆయన వాడింది అర్థం లేని అక్షరాలనే అయినా, ఆ తర్వాత ఎన్నో రకాల చదువుల మీద ఇదే తేలింది. ఈ రాత్రి పుస్తకం తెరవగానే నిన్న ఎక్కడ ఆపామో, ఎవరు ఎవరి మీద అలిగి వెళ్లారో మనసు వెతుక్కుంటుంది. ఆ వెతుకులాటే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది. టాల్‌స్టాయ్ నవల కూడా 1865 నుంచి పత్రికలో కొంత కొంతగా వచ్చి, 1869కి గానీ పూర్తికాలేదు. మన వారపత్రికల సీరియళ్ల కోసం కాచుకుని కూర్చున్న తరానికి ఈ ఎడం సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. వారమంతా కథను ఇంట్లో, వీధి అరుగు మీద తిరగేసి మాట్లాడుకునేవాళ్లు.

సాహిత్య నవలలు చదివితే ఎదుటివాళ్ల మనసు అర్థం చేసుకునే శక్తి పెరుగుతుందని 2013లో ఒక అధ్యయనం చెప్పింది. పేరున్న "సైన్స్" పత్రికలో రావడంతో బాగా ప్రచారమైంది. తర్వాత ఇతరులు అదే ప్రయోగం చేస్తే ఆ ఫలితం సరిగా రాలేదు. అలాంటి అధ్యయనాలన్నీ కలిపి చూస్తే మిగిలేది చాలా చిన్న ప్రభావం. కాసేపు కొన్ని పేజీలు చదివించి పెట్టే పరీక్షతో నెలల తరబడి సాగే చదువును తూచలేమని నా అభిప్రాయం. అయినా, మంచి మనుషులమవుతామన్న హామీ ఉంటేనే నవల చదవాలా?

పాత్రల గొంతుల మీద జరిగిన పని నాకు ఇంతకంటే ఆసక్తికరంగా తోస్తుంది. మౌనంగా చదివేటప్పుడు కూడా, "నేను రాను" అని పాత్ర నేరుగా మాట్లాడే చోట, మెదడులో మనిషి గొంతును గుర్తించే భాగాలు ఎక్కువ చురుగ్గా ఉంటాయని 2011లో గ్లాస్గో పరిశోధకులు చూపించారు. "తాను రానని చెప్పింది" అంటే అంత ఉండదు. 2014లో ఎడిన్‌బరా పుస్తకోత్సవం సందర్భంగా మనస్తత్వ శాస్త్రవేత్త చార్ల్స్ ఫెర్నీహో బృందం 1,500 మందికి పైగా పాఠకుల అనుభవాలు సేకరించింది. దాదాపు ఐదుగురిలో ఒకరు, పుస్తకం పక్కన పెట్టాక కూడా పాత్ర గొంతు తమతో ఉంటుందని చెప్పారు. ఇంకొందరు తమ రోజువారీ సంగతులను కాసేపు ఆ పాత్ర ఎలా చూస్తుందో అలాగే చూశామన్నారు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడో, కూరగాయలు బేరమాడుతున్నప్పుడో "దీనికి ఆవిడైతే ఏమనేదో" అనుకోవడం నవలలు చదివేవాళ్లలో చాలామందికి అలవాటే. అలా అనుకోవాలంటే ఆవిడ కోపంలో ఎలా మాట్లాడుతుందో, అబద్ధమాడేటప్పుడు ఏ మాట మింగేస్తుందో మనకు తెలిసి ఉండాలి. పక్కింటివాళ్ల గురించి ఇవి తెలియడానికి ఏళ్లు పడుతుంది. పెద్ద నవలలో 35 గంటల్లో తెలుస్తాయి.