ఖాళీ ఓడలు వెతుక్కున్న పర్యాటకులు

విశాఖపట్నం రేవులో 96 కోట్ల రూపాయలతో కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ (విహార ఓడల) టెర్మినల్‌ను 2023 సెప్టెంబరు 4న ప్రారంభించారు. అప్పటి నుంచి ఊళ్లో ఒకటే ప్రశ్న: ఓడలేవీ? 2024 ఏప్రిల్‌లో ‘ది వరల్డ్’ అనే విలాస నౌక వచ్చి వెళ్లింది. 2025లో కార్డీలియా సంస్థ ఓడ పుదుచ్చేరి, చెన్నైల వైపు కొన్ని ట్రిప్పులు తిరిగింది. టెర్మినల్ కట్టేస్తే ఓడలు వాటంతటవే వస్తాయనుకోవడం, బస్టాండు కట్టాం కదా ఇక బస్సులు రావాలి అని ఎదురుచూడటం లాంటిదే. ఓడలు ఏ లెక్కన ఒక రేవుకు వస్తాయో తెలియాలంటే సముద్ర ప్రయాణం విహారంగా ఎలా మారిందో కాస్త వెనక్కి వెళ్లి చూడాలి. ఆ కథ పొడుగునా ఒక సంగతి పదే పదే ఎదురవుతుంది. పర్యాటకుల కోసమని ఓడలు పుట్టలేదు. వేరే పని మీద పుట్టిన ఓడలు, ఆ పని పోయినప్పుడల్లా పర్యాటకులను వెతుక్కున్నాయి.

తెరచాపల కాలంలో ఓడ ఎప్పుడు బయల్దేరుతుందో గాలినడగాలి, ఎప్పుడు చేరుతుందో దేవుణ్ణడగాలి. సరదాగా తిరిగొద్దామనుకునేవాడికి అది కుదిరే పని కాదు. ఆవిరి ఇంజను తెచ్చిన అసలు మార్పు వేగం కాదు, తేదీ. 1838 ఏప్రిల్‌లో సిరియస్, గ్రేట్ వెస్ట్రన్ అనే రెండు స్టీమర్లు కొన్ని గంటల తేడాతో అట్లాంటిక్ దాటి న్యూయార్క్ చేరాయి. గ్రేట్ వెస్ట్రన్‌కు పట్టింది 15 రోజులు. అయితే స్టీమరు బొగ్గు తినేసేది. ఒట్టి ప్రయాణికుల టికెట్లతో ఆ ఖర్చు గిట్టదు. కంపెనీలను నిలబెట్టింది బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన తపాలా కాంట్రాక్టులే. పెనిన్సులార్ కంపెనీ 1837లో స్పెయిన్, పోర్చుగల్ తపాలా తెచ్చుకుంది. తర్వాత ఈజిప్టు దారి కూడా దక్కించుకుని 1840లో పీ అండ్ ఓగా మారింది. అదే ఏడు కునార్డ్ కంపెనీ ఓడ బ్రిటానియా లివర్‌పూల్ నుంచి హాలిఫాక్స్ మీదుగా బోస్టన్‌కు తపాలా మోయడం మొదలుపెట్టింది.

తపాలా కాంట్రాక్టులో ఒక మెలిక ఉంది. క్యాబిన్లు నిండినా నిండకపోయినా చెప్పిన రోజున ఓడ కదలాలి. అంటే ఖాళీ క్యాబిన్లు తప్పవు. వాటిని నింపుకోడానికే 1844లో పీ అండ్ ఓ మధ్యధరా సముద్ర విహారాలంటూ ప్రకటనలు ఇచ్చింది. జిబ్రాల్టర్, మాల్టా, ఏథెన్స్, ఈజిప్టు చూపిస్తామన్నారు. చూపించింది తపాలా ఓడల్లోనే, మధ్యలో ఒక ఓడ దిగి ఇంకో ఓడ ఎక్కిస్తూ. పేరున్న ఓ నవలాకారుడికి టికెట్ ఉచితంగా ఇచ్చారు, ఆయన తిరిగొచ్చి ప్రయాణం మీద పుస్తకం రాశాడు. ఇన్‌ఫ్లుయెన్సర్లకు ఫ్రీ ట్రిప్పులు ఇవ్వడం ఇప్పటి తెలివేమీ కాదన్నమాట.

1869 ఈ కథలో పెద్ద సంవత్సరం. నవంబరు 17న సూయజ్ కాలువ తెరుచుకుంది. అదే ఏడు మే నెలలో అమెరికా ఖండాన్ని దాటే రైలు మార్గం పూర్తయింది. మరుసటి ఏడాది బొంబాయి, కలకత్తాల మధ్య రైలు కలిసింది. ఓడ దిగితే రైలు, రైలు దిగితే ఓడ. ఈ టైంటేబుళ్లన్నీ ఒకదానికొకటి అతికేసరికి థామస్ కుక్ 1872లో భూగోళం చుట్టూ యాత్ర పెట్టగలిగాడు. 222 రోజులు పట్టిన ఆ యాత్ర మన దేశం మీదుగానే సాగింది. పర్యాటకానికి రవాణా చేసిన అసలు మేలు ఇదేనని నాకనిపిస్తుంది. కొత్త చోట్లను కనిపెట్టడం కాదు, ఉన్న దారులను ఒకే టికెట్టు కిందికి తేవడం.

అసలు మలుపు మాత్రం జర్మనీలో వచ్చింది. హాంబర్గ్ అమెరికా లైన్ అనే ఓడల కంపెనీలో అల్బర్ట్ బాలిన్ అనే అధికారి ఉండేవాడు. శీతాకాలంలో ఉత్తర అట్లాంటిక్ భీకరంగా ఉంటుంది, ప్రయాణికులు ఉండరు, ఖరీదైన ఓడలు రేవులో ఊరకే పడి ఉంటాయి. వాటిని వెచ్చని సముద్రాలకు పంపి విహారం అమ్మితే ఏం పోయింది అన్నాడు బాలిన్. తోటి అధికారులు నవ్వారు. 1891 జనవరి 22న అగస్టా విక్టోరియా అనే ఓడ 241 మందితో కుక్స్‌హాఫెన్ నుంచి మధ్యధరా వైపు బయల్దేరింది. రెండు నెలలకు కాస్త తక్కువ తిరిగి వచ్చింది. పని లేని కాలంలో ఓడకు పని చూపించడమే దాని వెనకున్న ఆలోచన. 1900లో అదే కంపెనీ విహారం కోసమే ప్రత్యేకంగా ప్రిన్సెసిన్ విక్టోరియా లూయిజ్ అనే ఓడ కట్టించింది. 1906 డిసెంబరులో జమైకా దగ్గర అది రాళ్లకెక్కి పనికిరాకుండా పోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన తీరంలో జనం ఓడలెక్కుతున్నారు. విహారానికి కాదు, కూలికి. 1852 యుద్ధంతో దిగువ బర్మా బ్రిటిష్ వారి చేతికి చిక్కాక ఐరావతి డెల్టాలో వరి సాగు ఊపందుకుంది. రంగూన్‌లో బియ్యం మిల్లులు, రేవు పనులు పెరిగాయి. గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి వేలాది మంది ‘రంగం’, అంటే రంగూన్, దారి పట్టారు. విలియం మెకినన్ 1856లో పెట్టిన కంపెనీయే తర్వాత బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ అయింది. దాని స్టీమర్లు గోపాలపురం, కళింగపట్నం, భీమునిపట్నం, కాకినాడల్లో ఆగేవి. ఆగేవి అంటే ఒడ్డుకు వచ్చేవి కావు. చాలాచోట్ల దూరంగా లంగరు వేసుకునేవి. కెరటాలు విరిగే చోటు దాటించి మనుషులను ఓడ దాకా చేర్చింది మసూలా పడవలే. ఆ పడవకు మేకు ఉండదు. పలకలకు అంచున చిల్లులు పెట్టి కొబ్బరితాడుతో కుట్టేస్తారు. మేకులు కొట్టిన పడవ కెరటం దెబ్బకు పగిలిపోతుంది, కుట్టిన పడవ కాస్త వంగి నిలుస్తుంది. ఓడ మీద కూలీలకు క్యాబిన్ ఉండదు. డెక్కు మీదే చాప, మూట, తిండి. చాలామంది టికెట్ డబ్బు మేస్త్రీ దగ్గర అప్పు. వెళ్లాక కూలిలోంచి కోత.

బర్మాలో మనవాళ్లను కోరంగీలన్నారు, కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలకూ, బర్మీయులకూ మధ్య అల్లర్లు చెలరేగాయి. 1941 డిసెంబరులో జపాన్ రంగూన్ మీద బాంబులు వేసింది. లక్షలాది మంది భారతీయులు అడవులు, కొండలు దాటి నడిచి వచ్చారు. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీదా బాంబులు పడ్డాయి. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ ప్రయాణికుల ఓడ జలదుర్గ రాకతో మొదలైన విశాఖ కొత్త రేవు ఆ తర్వాత ఇనుప ఖనిజం, బొగ్గు, నౌకాదళాలకు పేరు పడింది తప్ప ప్రయాణికుల రేవుగా ఎదగలేదు. ఇక్కడి మనిషికి సముద్ర ప్రయాణం అంటే వలస, అప్పు, తిరిగిరాని అన్న. దాన్ని సెలవులకు వెళ్లే దారిగా చూసిన తరం మొన్నమొన్నటిదాకా లేదు.

అట్లాంటిక్ మీద కూడా ఓడ కంపెనీల బతుకు వలస కూలీల మీదే నడిచింది. పై అంతస్తుల్లో పియానోలు, తివాచీలు ఉన్నా, అడుగున స్టీరేజ్ అనే ఇరుకు బంకుల్లో కుక్కిన జనమే రాబడి. 1921లో, మళ్లీ 1924లో అమెరికా వలసల మీద కోటాలు పెట్టింది. 1914కు ముందు ఏటా పది లక్షలు దాటిన రోజులుండగా, 1924 చట్టం కోటా సుమారు 1.65 లక్షలకు దిగింది. ఓడల అడుగు అంతస్తులు ఒక్కసారిగా ఖాళీ. కంపెనీలు బంకులు పీకేసి, చిన్న చిన్న క్యాబిన్లు చేసి, గోడలకు రంగు వేసి, ‘టూరిస్ట్ థర్డ్ క్యాబిన్’ అని పేరు పెట్టాయి. అమెరికన్ విద్యార్థులు, బడి పంతుళ్లు, గుమస్తాలు చవగ్గా పారిస్ చూసొచ్చింది అందులోనే. డబ్బున్నవాళ్ల వేడుకగా ఉన్న విదేశీ యాత్ర మధ్యతరగతి చేతికి వచ్చింది ఇక్కడే. పోలండ్ రైతు పడుకున్న చోటే న్యూయార్క్ టీచరమ్మ పడుకుంది. ఈ ఘట్టాన్ని క్రూయిజ్ కంపెనీల బ్రోచర్లు పెద్దగా తలుచుకోవు.

రెండో దెబ్బ ఆకాశం నుంచి పడింది. 1958 అక్టోబరులో బ్రిటిష్ కామెట్ విమానం, కొద్ది రోజులకే అమెరికా సంస్థ పాన్ యామ్ బోయింగ్ 707 అట్లాంటిక్ దాటే జెట్ సర్వీసులు మొదలుపెట్టాయి. ఐదు రోజుల దూరం ఒక పూటకు వచ్చింది. క్వీన్ మేరీ అనే ఓడ 1967లో కాలిఫోర్నియా చేరి హోటల్‌గా మారింది. 1962లో ఎంతో గర్వంగా ప్రయాణాలు మొదలుపెట్టిన ఫ్రాన్స్ అనే ఓడ పన్నెండేళ్లకే మూలన పడింది. దాన్ని 1979లో నార్వే వ్యాపారి క్నుట్ క్లోస్టర్ కొన్నాడు. అతను చేసిన మరమ్మతు చూస్తే ఈ వ్యాపారం మొత్తం అర్థమవుతుంది. నాలుగు ప్రొపెల్లర్లలో రెండు తీయించేశాడు, ఇంజను గదుల్లో ఒకటి మూయించాడు. ఎక్కడికీ తొందరగా చేరాల్సిన పనిలేని ఓడకు వేగం ఎందుకు? మిగిలింది ఇంధనం డబ్బు. నార్వే అని పేరు మార్చుకుని అది 1980 నుంచి మయామీ కేంద్రంగా కరీబియన్‌లో తిరిగింది. చివరికి మన గుజరాత్‌లోని అలంగ్ తీరానికే వచ్చింది. అందులోని ఆస్బెస్టాస్ మీద గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లాక, 2007లో అనుమతి వచ్చి ముక్కలైంది.

అప్పటికే క్లోస్టర్, టెడ్ అరిసన్ అనే మరో వ్యాపారి కలిసి 1966 డిసెంబరులో మయామీ నుంచి సన్‌వార్డ్ అనే ఓడతో వారం వారం విహారాలు మొదలుపెట్టి ఉన్నారు. ఓడలను చంపిన విమానమే ఇక్కడ ఓడకు ప్రయాణికులను మోసుకొచ్చింది. ఎక్కడెక్కడి నుంచో మయామీకి విమానంలో వచ్చి ఓడెక్కడం అలవాటైంది. చేరాల్సిన ఊరి కన్నా ఎక్కిన ఓడే ముఖ్యమైపోయింది. 1912 నాటి టైటానిక్ 46 వేల టన్నులు, 2024లో తిరగడం మొదలుపెట్టిన ఐకాన్ ఆఫ్ ది సీస్ దాదాపు రెండున్నర లక్షల టన్నులు. తిండి, ఆట, పాట, బజారు అన్నీ లోపలే ఉంటే దిగిన ఊళ్లో ఖర్చు పెట్టేదెవరు? కాలువల పక్క పునాదులకు, ఉప్పు మడుగుకు చేటని 2021 ఆగస్టు నుంచి పెద్ద ఓడలను తన నడిబొడ్డున తిరగనివ్వని వెనిస్ అడిగిన ప్రశ్నల్లో ఇదీ ఒకటి.

ఇప్పుడు మళ్లీ విశాఖ. 2022 జూన్‌లో ఇక్కడికి తొలిసారి వచ్చిన కార్డీలియా వారి ఎంప్రెస్ కొత్త ఓడ కాదు. 1990లో ఫ్రాన్స్‌లో తయారై, నార్డిక్ ఎంప్రెస్ పేరుతో మయామీ నుంచి బహామాస్‌కు మూడు, నాలుగు రాత్రుల ట్రిప్పులు తిరిగిన ఓడ. మామూలుగా ముంబై నుంచి తిరుగుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల వల్ల అరేబియా సముద్రం అల్లకల్లోలం. ఆ నెలల్లో తూర్పు తీరానికి మారుతుంది. బాలిన్ లెక్కే ఇదీ. మన వైపు అక్టోబరు నుంచి తుపానులు కాబట్టి ఆ తర్వాత ఉండమన్నా ఉండదు. అంటే విశాఖ టెర్మినల్‌కు ఇప్పటికి దొరికేది మరో తీరపు ఓడ ఖాళీగా ఉన్న మూడు, నాలుగు నెలలు.

2024 సెప్టెంబరు 30న కేంద్రం ప్రారంభించిన క్రూయిజ్ భారత్ మిషన్ 2029 నాటికి దేశంలో క్రూయిజ్ ప్రయాణికులను రెట్టింపు చేసి పది లక్షలకు చేర్చాలంటోంది. అందులో విశాఖ వాటా ఓడ ఇక్కడ ఆగుతుందా, ఇక్కడ మొదలవుతుందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లే ఓడ దిగినవారికి అరకు చూపించలేం. రోడ్డున 115 కిలోమీటర్లు, ఘాట్, రానుపోను ఆరేడు గంటలు. కైలాసగిరి, కురుసుర జలాంతర్గామి మ్యూజియం, తొట్లకొండ, సింహాచలం దాకానే వీలు. అదే ఓడ ఇక్కడే మొదలైతే రాయపూర్ వాళ్లో, హైదరాబాద్ వాళ్లో ఒక రోజు ముందే వచ్చి హోటల్లో దిగుతారు, ఓడకు కావాల్సిన కూరగాయలు, చేపలు, నీళ్లు ఇక్కడే కొంటారు.

ఈ గొడవలో ఎవరూ ఎత్తని ఓడ ఒకటుంది. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు, అంటే ఇప్పటి శ్రీ విజయపురానికి, దశాబ్దాలుగా నడుస్తున్న ప్రభుత్వ ఓడ. సుమారు 56 గంటల ప్రయాణం, బంక్ క్లాసు నుంచి డీలక్స్ క్యాబిన్ దాకా అన్నీ ఉంటాయి. అండమాన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు, కూలీలు, వింత చూద్దామని వెళ్లే కుర్రాళ్లు ఎక్కుతారు. క్రూయిజ్‌కు పెట్టిన శ్రద్ధలో పదో వంతు దాని మీద పెట్టి, తేదీలు కొన్ని నెలల ముందే ప్రకటించి, ఆన్‌లైన్లో టికెట్ సులువుగా దొరికేలా చేసి, చెప్పిన రోజున ఓడ కదిలిస్తే, విశాఖలోనే ఎక్కి విశాఖలోనే దిగే ప్రయాణికులు వర్షాకాలం కోసం ఆగకుండా ఏడాది పొడవునా ఉంటారు.