నెట్‌వర్క్ మానిటరింగ్ సర్వర్ ఎంత పెద్దది కావాలి? అపోహలు - వాస్తవాలు

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు కేబుల్ ఇంటర్నెట్ ఆపరేటర్లకు, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లకు, కాలేజీలకు మానిటరింగ్ (నెట్‌వర్క్ పరికరాలు ఎలా నడుస్తున్నాయో ఎప్పటికప్పుడు చూసే సర్వర్) పెట్టడం నా పని. దానికి వాడే సాఫ్ట్‌వేర్ జాబిక్స్ అయినా, లిబ్రెఎన్‌ఎంఎస్ అయినా, ప్రొమీథియస్ అయినా అందరూ మొదట అడిగేది ఒకటే: "ఇన్ని డివైజ్‌లున్నాయి, ఎంత సర్వర్ కొనాలి?" డివైజ్‌ల లెక్కతో మొదలుపెడితే సర్వర్ కొన్నాక ఇబ్బంది పడేది మీరే. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: డివైజ్‌ల సంఖ్యను బట్టి సర్వర్ సైజు తేలుతుంది.

తేలదు. ఒక స్విచ్‌ని పింగ్ చేసి (బతికుందా అని అడిగి) ఊరుకుంటే అది ఒకటి రెండు విలువలతో పోతుంది. అదే 48 పోర్టుల స్విచ్‌లో ప్రతి పోర్టుకూ ఇన్ ట్రాఫిక్, అవుట్ ట్రాఫిక్, ఎర్రర్లు, డిస్కార్డ్‌లు (వదిలేసిన ప్యాకెట్లు), స్టేటస్ తీసుకుంటే 240 ఐటమ్‌లు, అంటే విడివిడిగా కొలిచే అంశాలు. చూడాల్సింది సెకనుకు ఎన్ని కొత్త విలువలు డేటాబేస్‌లోకి వస్తున్నాయన్నది.

మన జిల్లాలో ఒక మాదిరి ఆపరేటర్‌ని తీసుకుందాం. 4 ఓఎల్‌టీలు (ఆపరేటర్ దగ్గర ఫైబర్ లైన్లు మొదలయ్యే పెట్టెలు), ఒక్కోదానికి 8 పాన్ పోర్టులు (ఫైబర్ పోర్టులు), పోర్టుకు 64 ఓఎన్‌యూలు (ఇంట్లో ఉండే ఫైబర్ పెట్టెలు). అన్నీ నిండితే 2,048 ఇళ్లు. ఒక్కో ఓఎన్‌యూ నుంచి ఆర్‌ఎక్స్ పవర్ (అందే లైట్ బలం), టీఎక్స్ పవర్ (పంపే లైట్ బలం), టెంపరేచర్, స్టేటస్, అప్‌లోడ్, డౌన్‌లోడ్ అని ఆరు తీసుకుంటే 12,288 ఐటమ్‌లు. నిమిషానికోసారి అడిగితే సెకనుకు సుమారు 205 విలువలు. జాబిక్స్‌లో ఒక అంకె విలువకు సుమారు 90 బైట్లు పడుతుంది కాబట్టి రోజుకు 1.6 జీబీ, ఏడాదికి దాదాపు 580 జీబీ.

ఇప్పుడు అడగాల్సింది, లైట్ పవర్ నిమిషానికోసారి ఎందుకు అని. రొయ్యల రైతు ఆక్సిజన్ చూసుకోవడానికి తెల్లవారుజామున లేస్తాడు, ఉప్పుశాతం చూడ్డానికి లేవడు. త్వరగా మారేదాన్నే తరచూ చూడాలి. పవర్, టెంపరేచర్ పావుగంటకోసారి, స్టేటస్, ట్రాఫిక్ ఐదు నిమిషాలకోసారి పెట్టండి. అదే 2,048 ఇళ్లకు రోజుకు 212 ఎంబీ చాలు. ఓఎల్‌టీ ప్రాసెసర్ మీద కూడా భారం తగ్గుతుంది. నిమిషం లెక్క అప్‌లింక్‌కి (మీకు ఇంటర్నెట్ వచ్చే మెయిన్ లింకుకి) ఉంచుకోండి.

ఇక్కడే ఒక జాగ్రత్త. అడిగే విరామం పెంచితే ట్రాఫిక్‌కి 64 బిట్ కౌంటర్లే (వెళ్లిన బైట్లను లెక్కపెడుతూ పోయే మీటర్లు) వాడాలి. 1 జీబీపీఎస్ లింకు నిండుగా నడిస్తే 32 బిట్ కౌంటర్ 34 సెకన్లలోనే తిరిగి సున్నాకొస్తుంది. అప్పుడు గ్రాఫ్‌లో వచ్చేవి తప్పుడు అంకెలే.

అపోహ: అన్ని విలువలూ ఏళ్ల తరబడి ఉంచితేనే సేఫ్.

జాబిక్స్ విలువలను రెండు రకాలుగా దాస్తుంది. హిస్టరీలో వచ్చిన ప్రతి విలువా ఉంటుంది. ట్రెండ్స్‌లో గంటకొక వరుసే ఉంటుంది: కనిష్ఠం, గరిష్ఠం, సగటు, ఎన్ని విలువలు వచ్చాయన్నది. పై లెక్కలో నిమిషానికోసారి పోలింగే (డివైజ్‌ని విలువలు అడగడం) ఉంచినా హిస్టరీ 30 రోజులకు 48 జీబీ, ట్రెండ్స్ ఏడాదికి పది జీబీ లోపు. "పోయిన మంగళవారం రాత్రి లింకు ఎందుకు పడింది" అన్నదానికి హిస్టరీ కావాలి. "సంక్రాంతికి బ్యాండ్‌విడ్త్ పెంచాలా" అన్నదానికి ట్రెండ్స్ చాలు.

లిబ్రెఎన్‌ఎంఎస్, కాక్టై అనే మరో మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ వాడే ఆర్‌ఆర్‌డీ ఫైళ్ల పద్ధతి వేరు. ఫైలు సైజు మొదటే ఖరారైపోతుంది, పెరగదు. పాత డేటా సగటుగా కుదించుకుంటూ పోతుంది. డిస్కు టెన్షన్ లేదని చాలామంది సంతోషిస్తారు గానీ, సగటు ఒక్కటే ఉంచితే సాయంత్రం 8 నుంచి 10 వరకు 950 ఎంబీపీఎస్ తాకిన లింకు, ఏడాది తర్వాత రోజువారీ సగటులో 300 ఎంబీపీఎస్‌గా కనిపించవచ్చు. ఆ గ్రాఫ్ పట్టుకుని అప్‌లింక్ పెంచమని యజమానిని ఒప్పించలేరు. గరిష్ఠం కూడా దాచుకునేలా ముందే పెట్టుకోండి. కుదించేశాక పాత శిఖరాలు తిరిగి రావు.

ప్రొమీథియస్ ఒక విలువను సగటున ఒకటి రెండు బైట్లలో ఇరికిస్తుంది. కానీ మీరు చెప్పకపోతే 15 రోజులే ఉంచుతుంది.

అపోహ: కోర్లు ఎక్కువుంటే సర్వర్ ఫాస్ట్.

ఈ పనిలో మొదట చేతులెత్తేసేది డిస్కు. చిన్న చిన్న రాతలు, అదీ ఆగకుండా. 7,200 ఆర్‌పీఎం హార్డ్ డిస్కు సెకనుకు వంద అటూఇటూగా చిల్లర రాతలే తట్టుకుంటుంది. మామూలు ఎస్‌ఎస్‌డీ వేలల్లో చేస్తుంది. డబ్బు ఒకచోటే పెట్టగలిగితే ఎస్‌ఎస్‌డీ మీద పెట్టండి, తర్వాత డేటాబేస్ క్యాష్‌కి ర్యామ్ మీద. కోర్ల సంగతి ఆ తర్వాత.

అపోహ: పాత డేటా డిలీట్ చేస్తే డిస్కు ఖాళీ అవుతుంది.

మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో కోట్ల వరుసలు డిలీట్ చేసి చూడండి. ముందు 92 శాతం చూపించిన డిస్కు తర్వాతా 92 శాతమే చూపిస్తుంది. ఖాళీ అయిన చోటు ఆ టేబుల్ ఫైలు లోపలే ఉండిపోతుంది, కొత్త వరుసలకే పనికొస్తుంది. పైగా డిలీట్ నడుస్తున్నంతసేపు డిస్కు ఊపిరాడక కొట్టుకుంటుంది. రోజుకొక పార్టిషన్ (విడి ముక్క) చొప్పున టేబుల్‌ని విడగొడితే పాత రోజు పార్టిషన్‌ని క్షణంలో తీసేయొచ్చు, చోటూ తిరిగొస్తుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీదైతే టైమ్‌స్కేల్‌డీబీ అనే ఎక్స్‌టెన్షన్ ఈ పని చేస్తుంది, కంప్రెషన్ కూడా ఇస్తుంది. సర్వర్ పెట్టిన మొదటి రోజే చేయాల్సిన పని ఇది. టేబుల్ వందల జీబీ అయ్యాక విడగొట్టాలంటే గంటల తరబడి ఆపాల్సి వస్తుంది.

అపోహ: మామూలు రోజు లోడ్ చూసి ప్లాన్ చేస్తే చాలు.

మన తీరంలో ఇది అసలు కుదరదు. 2021 నవంబరులో పెన్నా పొంగిన రోజులు, 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు గుర్తుకు తెచ్చుకోండి. ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు కరెంటు పోతే వందల ఓఎన్‌యూలు ఒకేసారి ఆఫ్‌లైన్. ట్రాప్‌లు (డివైజ్‌లు తమంతట పంపే హెచ్చరికలు), సిస్‌లాగ్ లైన్లు (డివైజ్‌లు పంపే సంఘటనల చిట్టా), అలర్టులు కుప్పగా వచ్చి పడతాయి. డివైజ్‌లు చచ్చి ఉంటే పోలింగ్ పని తగ్గుతుందనుకుంటారు. నిజానికి జవాబు రాని ప్రతి డివైజ్ కోసం పోలర్ (డివైజ్‌లను విలువలు అడిగే ప్రోగ్రామ్) టైమ్‌అవుట్ (జవాబుకు ఆగే గడువు) అయ్యేదాకా కాచుకుని కూర్చుంటుంది, మళ్లీ ప్రయత్నిస్తుంది. ఈలోగా బతికున్న డివైజ్‌ల వంతు ఆలస్యమవుతుంది. సరిగ్గా మీకు స్క్రీన్ అవసరమైన రోజే అది వెనకబడుతుంది. పోలర్లు కొంచెం ఎక్కువ పెట్టండి, టైమ్‌అవుట్ తక్కువ ఉంచండి, ఓఎల్‌టీ పడితే దాని కింది ఇళ్లకు విడిగా అలర్టు రాకుండా డిపెండెన్సీ కట్టండి. రాత్రి డ్యూటీలో ఉన్న కుర్రాడికి ఒక్క మెసేజ్ చాలు, ఐదొందలు వద్దు.

అపోహ: గ్రాఫ్‌లున్నాయి కాబట్టి లాగ్‌లు వేరే అక్కర్లేదు.

2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాల ప్రకారం సిస్టమ్‌ల లాగ్‌లు 180 రోజులు భద్రపరచాలి. ఫైర్‌వాల్ సెకనుకు 50 లైన్లు, లైనుకు 300 బైట్లు పంపితే రోజుకు 1.3 జీబీ, 180 రోజులకు సుమారు 233 జీబీ. టెక్స్ట్ కాబట్టి కంప్రెస్ చేస్తే బాగా తగ్గుతుంది. దీన్ని మానిటరింగ్ డేటాబేస్ ఉన్న డిస్కు మీద మాత్రం పెట్టకండి. లాగ్‌లు పొంగితే డేటాబేస్ కూడా ఆగిపోతుంది.

కాగితం మీద ఎంత లెక్క వేసినా, సర్వర్ పెట్టాక ఒక వారం ఆగి డేటాబేస్ రోజుకు ఎంత పెరుగుతోందో కొలిచి, ఉంచాలనుకున్న రోజులతో గుణించి చూసుకోండి. తేడా వస్తే ముందు పోలింగ్ విరామం మార్చండి, డిస్కు తర్వాత కొనొచ్చు. ఆ సర్వర్ సొంత డిస్కుకి కూడా 70 శాతం దగ్గర అలర్టు పెట్టండి. ఊళ్లో స్విచ్‌లన్నిటికీ అలర్టు పెట్టి దీన్ని వదిలేసినవాళ్లే ఎక్కువ.