నెలకి 35 రోజులు వాన పడే ద్వీపానికి ట్రిప్ వేసుకోవాలంటే

జపాన్ ట్రిప్ అనగానే మనవాళ్ళ లిస్టు దాదాపు ఒకటే ఉంటుంది, టోక్యో, క్యోటో, ఒసాకా, ఫుజి కొండ ముందు నిలబడి ఒక ఫోటో, ఏప్రిల్ అయితే చెర్రీ పూలు. దానికి నేనేం వంక పెట్టను గానీ, చెట్లు, కొండలు, అడవి అంటే నిజంగా ఇష్టం ఉన్నవాళ్ళు మాత్రం అందులోంచి నాలుగైదు రోజులు కోసేసి యాకుషిమాకి పెట్టుకోండి అంటాను. జపాన్ దక్షిణాన ఉన్న పెద్ద ద్వీపం క్యూషూ, దాని దక్షిణం కొసకి ఇంకా 60 కిలోమీటర్ల కింద సముద్రంలో ఉంటుంది ఈ ద్వీపం, కగొషిమా జిల్లా కిందకి వస్తుంది, విస్తీర్ణం 504 చదరపు కిలోమీటర్లు, దాదాపు గుండ్రంగా ఉంటుంది, ఈ చివర నుంచి ఆ చివరకి 30 కిలోమీటర్లు కూడా లేదు. అంత చిన్న చోట మధ్యలో 1,936 మీటర్ల మియానొఉరా శిఖరం. మన ఆంధ్రాలో, తెలంగాణలో కలిపి వెతికినా అంత ఎత్తు కొండ ఒక్కటి దొరకదు, అక్కడేమో సముద్రం ఒడ్డు నుంచి 15 కిలోమీటర్లు లోపలికి వెళ్తే చాలు.

ఇక్కడ "నెలకి 35 రోజులు వాన" అని ఒక మాట బాగా ఫేమస్, ట్రావెల్ వీడియోల్లో దాన్ని జోక్ లాగా చెప్పి వదిలేస్తారు. నా ఉద్దేశంలో అయితే ట్రిప్ ప్లాన్ మొత్తం ఆ మాట నుంచే మొదలుపెట్టాలి. ఎందుకంటే ఈ ద్వీపంలో మనం చూడటానికి వెళ్ళేవి, అంటే పెద్ద చెట్లు, నాచు, జలపాతాలు, ఇవన్నీ ఆ వాన చేసినవే, వాన లేని రోజు చూసుకుని వెళ్దాం అనుకుంటే అసలు వెళ్ళడమే కుదరదు.

వాన అంత ఎందుకు పడుతుందంటే, ద్వీపం పక్క నుంచి కురోషియో అనే వేడి సముద్ర ప్రవాహం పోతుంది, దాని మీద గాలి బాగా తేమ పట్టేసి వస్తుంది, వచ్చి ఈ కొండల గోడకి తగులుతుంది. పక్కకి పోయే దారి లేక పైకి ఎక్కుతుంది, పైకి ఎక్కేకొద్దీ చల్లబడుతుంది, చల్లబడిన గాలి అంత తేమని మోయలేదు కాబట్టి అక్కడికక్కడే కుమ్మరించేస్తుంది. ఒడ్డున ఏడాదికి 4,000 మిల్లీమీటర్ల పైనే పడుతుంది, కొండల మీద 8,000 నుంచి 10,000 దాకా లెక్క. హైదరాబాద్‌కి ఏడాది మొత్తం మీద పడేది సుమారు 800, అంత వాన అక్కడ ఒడ్డునే ఒక్క జూన్ నెలలో పడిపోతుంది. మేఘాలయ రికార్డులకి రాదు అనుకోండి, కానీ చెర్రపుంజిలో వాన ఎక్కువ భాగం మన వర్షాకాలంలోనే పడుతుంది, ఇక్కడ ఏడాది పొడుగునా ఏదో ఒక వంక పెట్టుకుని పడుతూనే ఉంటుంది. ఆ నీళ్ళు ఊరికే పోవట్లేదు కూడా, ద్వీపంలో కరెంటు దాదాపు మొత్తం జలవిద్యుత్తే.

దీంట్లోంచి ప్లానింగ్‌కి పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. వాన ద్వీపం అంతా ఒకేసారి పడదు. గాలి ఏ వైపు నుంచి వస్తే ఆ వైపు తడుస్తుంది, వెనక వైపు కొండలు అడ్డు కాబట్టి తెరిపిగా ఉంటుంది. చలికాలంలో వాయవ్యం నుంచి గాలి కొడుతుంది కాబట్టి ఉత్తరాన మియానొఉరా ఊరు ముసురు పట్టి ఉన్న రోజే దక్షిణాన ఎండ కాయొచ్చు. అందుకే ఈ రోజు ఇది, రేపు అది అని ముందే గట్టిగా బుక్ చేసుకుని కూర్చోకుండా, రోజుల్ని అటూ ఇటూ మార్చుకునేలా పెట్టుకోవాలి, కుదిరితే కారు అద్దెకి తీసుకోవాలి. జపాన్‌లో కూడా ఎడమ వైపే డ్రైవింగ్, 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చిన ఇంటర్నేషనల్ పర్మిట్ ఉంటే చెల్లుతుంది. బస్సులు ఉన్నాయి గానీ తక్కువ, ఒకటి మిస్సయితే ఆ పూట పోయినట్టే.

రెండోది ఎత్తు. వంద మీటర్లు ఎక్కితే సుమారు 0.6 డిగ్రీలు తగ్గుతుంది అని మనం స్కూల్లో చదివిందే, ఒడ్డు నుంచి శిఖరానికి లెక్కేస్తే దగ్గర దగ్గర 12 డిగ్రీల తేడా. అంటే ఒడ్డున మర్రి జాతి చెట్లు ఊడలు దింపుకుని ఉంటాయి, కురియో నది మొగలో మడ చెట్లు కూడా ఉన్నాయి, అవి దాటి పైకొస్తే ఎప్పుడూ పచ్చగా ఉండే వెడల్పాకుల అడవి, ఇంకా పైకి సుగి (జపాన్ దేవదారు) చెట్లు, సుమారు 1,640 మీటర్ల దగ్గర హననొఎగొ అనే చిత్తడి నేల, ఆ పైన పొట్టి వెదురు, రోడోడెండ్రాన్ పొదలు తప్ప పెద్ద చెట్లు ఉండవు, జనవరి ఫిబ్రవరిలో అయితే మంచు పేరుకుపోయి ఉంటుంది. ఉత్తరం నుంచి దక్షిణం దాకా జపాన్‌లో వేల కిలోమీటర్లలో మారే వృక్షజాలం ఇక్కడ ఒక్క వాలు మీద మారిపోతుంది, 1993లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టడానికి పురాతన సుగి చెట్లతో పాటు ఇది కూడా ఒక ముఖ్య కారణం. కాబట్టి స్పాట్లు లెక్కపెట్టుకోవడం మానేసి, ఒడ్డుకి ఒక రోజు, 600 మీటర్లకి ఒక రోజు, వెయ్యికి ఒక రోజు అని ఎత్తుని బట్టి పంచుకోండి, ద్వీపం అప్పుడు అర్థమవుతుంది.

అసలు ఈ కొండలు సముద్రం మధ్యలో ఎందుకున్నాయి? చాలామంది జపాన్ ద్వీపం కదా అగ్నిపర్వతం అయ్యుంటుంది అనుకుంటారు, కాదు. సుమారు 1.5 కోట్ల ఏళ్ళ కింద భూమి లోపల శిలాద్రవం పైదాకా రాకుండా లోపలే చల్లబడి గ్రానైట్ ముద్ద అయింది. గ్రానైట్ చుట్టుపక్కల రాయి కన్నా తేలిక, అందుకని నీళ్ళలో ముంచి పట్టుకున్న ఖాళీ బిందె చెయ్యి వదిలితే పైకి తన్నుకొచ్చినట్టు మెల్లగా పైకి లేచింది, మీదున్న మట్టి, రాయి అరిగిపోయాయి. దారిలో ఎక్కడైనా బండరాయి దగ్గర ఆగి చూడండి, బూడిదరంగు రాయిలో తెల్లగా, పలకలుగా, వేలి పొడుగు ముక్కలు గుచ్చినట్టు కనిపిస్తాయి, అవి ఫెల్డ్‌స్పార్ స్ఫటికాలు. స్ఫటికం అంత పెద్దగా పెరగాలంటే చాలా నెమ్మదిగా చల్లబడాలి. చుట్టూ ఉన్న గ్రానైట్ అరిగిపోయినా అవి పొడుచుకుని నిలబడతాయి, తడి రాయి మీద కాలు జారకుండా ఆపేది చాలాసార్లు అవే. తెలంగాణ గుట్టల మధ్య పెరిగినవాళ్ళకి గ్రానైట్ కొత్త కాదు గానీ, మనది 250 కోట్ల ఏళ్ళ నాటిది, దాని ముందు ఇది నిన్నటి పిల్ల.

ఈ గ్రానైట్ మీద మట్టి పలచన, ఉన్న కాస్త సారం కూడా అంత వానకి కొట్టుకుపోతుంది. అందుకే ఇక్కడి సుగి చెట్టు తిండి లేనట్టు పెరుగుతుంది, ఏడాదికి ఒక్క వలయం, అది కూడా జుట్టు మందాన. వలయాలు అంత దగ్గర దగ్గరగా ఉండడంతో చెక్క గట్టిపడుతుంది, జిగురు ఎక్కువ పడుతుంది, ఆ జిగురు వల్ల అంత తడిలో కూడా కుళ్ళదు, పురుగు పట్టదు. మామూలు సుగి 500 ఏళ్ళు బతికితే గొప్ప అంటారు, ఇక్కడ వెయ్యేళ్ళు దాటితేనే యాకుసుగి అని పిలుస్తారు, అంతకన్నా చిన్నవి కొసుగి, అంటే 900 ఏళ్ళ చెట్టు కూడా ఇంకా పిల్లదే వాళ్ళకి. ఇదే జాతి చెట్టుని బ్రిటిష్‌వాళ్ళు డార్జిలింగ్ కొండల మీద నాటించారు, అక్కడ ధూపీ అంటారు, డార్జిలింగ్ వెళ్ళినవాళ్ళు పొగమంచులో నిటారుగా నిలబడ్డ ఆ చెట్లని చూసే ఉంటారు. అవి సన్నగా, సూటిగా ఉంటాయి, యాకుషిమావి చూస్తే ఇవీ అవీ ఒకటే జాతి అంటే నమ్మబుద్ధి కాదు, అంత వంకర, అంత లావు, అన్ని బుడిపెలు.

ఆ వంకర వెనక పెద్ద కథే ఉంది. ఎడో కాలంలో (1603-1868) ఈ ద్వీపం సత్సుమా ప్రభువుల కింద ఉండేది, ఇక్కడ వరి పెద్దగా పండదు, అందుకని పన్ను బదులు సుగి చెక్కని పలచటి పలకలుగా చీల్చి కట్టించుకునేవాళ్ళు, ఇళ్ళ పైకప్పులకి వేయడానికి. పలక రావాలంటే నార సూటిగా ఉండాలి, అలాంటి చెట్లన్నీ నరికేశారు, మెలికలు తిరిగినవి, ముడులు ఉన్నవి, బోలుగా ఉన్నవి చీలవు కాబట్టి వదిలేశారు. అంటే ఇవాళ మనం వేల కిలోమీటర్లు వెళ్ళి, తల పైకెత్తి చూసే చెట్లు అప్పట్లో పనికిరానివి. నరికిన మొద్దులు కూడా పోలేదు, జిగురు పుణ్యమా అని వందల ఏళ్ళుగా కుళ్ళకుండా అలాగే ఉన్నాయి, వాటి మీద నాచు పట్టి, నాచు మీద విత్తనం పడి, మొలకెత్తి, మొద్దుని కావలించుకుని కొత్త చెట్టు లేచింది. అడవి నేల మీద వెలుతురు తక్కువ, మొద్దు మీద కాస్త ఎత్తులో ఉంటుంది, పెద్ద చెట్టు కొట్టేశారు కాబట్టి పైన ఆకాశం కూడా తెరుచుకుని ఉంటుంది, మొలకకి అంతకన్నా ఏం కావాలి. 1914లో ఎర్నెస్ట్ విల్సన్ అనే ఇంగ్లిష్ వృక్షశాస్త్రవేత్త వచ్చి బయటి ప్రపంచానికి చెప్పిన మొద్దు ఒకటుంది, చుట్టుకొలత 13.8 మీటర్లు, లోపలంతా బోలు, లోపలికెళ్ళి నిలబడొచ్చు, అడుగున నీళ్ళు పారుతుంటాయి.

ఇక అందరూ అడిగేది జోమొన్ సుగి. 1966లో వెలుగులోకి వచ్చింది, ఎత్తు 25.3 మీటర్లు, చుట్టుకొలత 16.4. వయసు 7,200 ఏళ్ళు అని చాలా చోట్ల రాస్తారు, అది చెట్టు లావుని బట్టి వేసిన అంచనా, పైగా సుమారు 7,300 ఏళ్ళ కింద దగ్గర్లోని కికాయ్ అగ్నిపర్వతం సముద్రంలో పేలి ఆ వేడి ప్రవాహం ఈ ద్వీపం దాకా వచ్చింది, అది చల్లారిన వెంటనే మొలిచింది అనుకుంటే తప్ప ఆ లెక్క కుదరదు. రేడియో కార్బన్ పరీక్షలో తేలింది 2,170 ఏళ్ళు. అయితే చెట్టు నడిమధ్య బోలు, అన్నిటికన్నా పాత చెక్క అసలు లేనే లేదు, కాబట్టి 2,170 అనేది కనీసం, గరిష్ఠం ఎంతో ఇక పరీక్ష చేయడానికి కూడా అక్కడేం మిగల్లేదు.

దాని దగ్గరకి వెళ్ళి రావడానికి 22 కిలోమీటర్లు, పది గంటల నడక. మార్చి నుంచి నవంబర్ దాకా నడక మొదలయ్యే అరకావా అనే చోటికి సొంత కార్లు పోనివ్వరు, తెల్లవారక ముందే షటిల్ బస్సు ఎక్కాలి, హెడ్‌ల్యాంప్ తప్పనిసరి. మొదటి 8 కిలోమీటర్లు పాత కలప రైలు పట్టాల మీదే నడక, మధ్యలో కొసుగిదాని అనే ఊరి ఆనవాళ్ళు వస్తాయి, 1960లో అక్కడ 500 మంది పైనే ఉండేవాళ్ళు, బడి కూడా ఉండేది, 1970లో కలప పని ఆపేశాక ఊరు ఖాళీ అయిపోయింది. తీరా చెట్టు దగ్గరకి వెళ్తే వేళ్ళు దెబ్బతినకుండా కట్టిన చెక్క మంచె మీద నుంచే చూడాలి, ముట్టుకునేది లేదు. మంచిదే అది, జనం తొక్కితొక్కి మట్టి కొట్టుకుపోయాకే ఆ మంచె కట్టారు. కానీ నన్నడిగితే, మీ దగ్గర రెండు రోజులే ఉంటే జోమొన్ సుగి వదిలేయండి. ఒక రోజంతా పట్టాలు చూసుకుంటూ నడిచి, వేరే జనం భుజాల మధ్య నుంచి ఒక చెట్టు చూసి, చీకటి పడకుండా పరిగెత్తి రావడం కన్నా, యాకుసుగి ల్యాండ్ (పేరు చూసి పార్కు అనుకోకండి, 1,000 మీటర్ల పైన ఉన్న అసలైన అడవి) ఒక పూట, షిరతాని లోయ ఒక పూట తీరిగ్గా పెట్టుకుంటే కళ్ళకి ఎక్కువ దక్కుతుంది.

షిరతానికి మాత్రం వాన రోజే వెళ్ళండి. ద్వీపంలో 600 రకాల దాకా నాచు ఉంది, నాచుకి నిజమైన వేళ్ళు ఉండవు, నీళ్ళు ఆకులతోనే తాగుతుంది, ఆ ఆకు చాలా జాతుల్లో ఒక్క కణం మందమే. ఎండితే ముడుచుకుని రంగు మాసిపోయి చచ్చినట్టు పడి ఉంటుంది, తడి తగిలితే నిమిషాల్లో విచ్చుకుంటుంది. చిన్న భూతద్దం ఒకటి జేబులో వేసుకెళ్ళండి, మోకాళ్ళ మీద కూర్చుని చూస్తే ఒక్కో రెమ్మ కొసన ఒక నీటి బొట్టు, బొట్టు వెనక ఆకు అంచున రంపపు పళ్ళు కూడా కనిపిస్తాయి, ఎండ రోజు ఇందులో సగం కూడా కనపడదు. ఒకటే జాగ్రత్త, గట్టి వాన పడితే వాగులు దాటే చోట దారి మూసేస్తారు, మూశారంటే వెనక్కి రావడమే.

పశ్చిమాన అడవి రోడ్డు ఒకటి ఉంది, ఇళ్ళూ షాపులూ ఏమీ ఉండవు, సన్నటి రోడ్డు, దాని మీద కోతులు ఒకదాని తల ఒకటి చూసుకుంటూ కూర్చుని ఉంటాయి, పక్కనే జింకలు. రెండూ జపాన్ పెద్ద ద్వీపాల్లో ఉండే జాతులే, ఇక్కడ విడిగా ఉండిపోయి చిన్న సైజు ఉపజాతులు అయ్యాయి. కోతి చెట్టు మీద నుంచి పండూ ఆకూ కింద పడేస్తుంటే జింక కింద నిలబడి తింటుంది. ఎలుగుబంట్లు లేవు, జలగలు మాత్రం ఉన్నాయి, సాక్సుల్ని ప్యాంటు మీదకి లాక్కోండి. కోతులకి తిండి పెట్టకండి, తిరుపతి మెట్ల దారిలో ఏం జరుగుతుందో మనకి తెలుసు.

ఎప్పుడు వెళ్ళాలి అంటే మీకు ఏం కావాలి అన్నదాన్ని బట్టి. మే నుంచి జూలై దాకా వాయవ్యాన నగాతా ఒడ్డుకి లాగర్‌హెడ్ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి, ఉత్తర పసిఫిక్‌లో వాటికి ఇంతకన్నా పెద్ద చోటు లేదు, ఇక్కడ పుట్టిన పిల్లల్లో కొన్ని పసిఫిక్ దాటి మెక్సికో దాకా వెళ్ళి పెద్దవై తిరిగి వస్తాయి. మన విశాఖ ఒడ్డుకి వచ్చే ఆలివ్ రిడ్లీల కన్నా ఇవి చాలా పెద్దవి. రాత్రి సొంతంగా బీచ్‌లోకి పోకూడదు, టార్చి వేయకూడదు, స్థానికులు నడిపే టూర్‌తోనే చూడాలి. రోడోడెండ్రాన్ పూలు పై కొండల మీద మే ఆఖరు, జూన్ మొదట్లో. అదే టైమ్‌లో వర్షాకాలం మొదలవుతుంది, జూలై మధ్య దాకా ఉంటుంది, ఆగస్టు సెప్టెంబర్ తుఫాన్లు. ఏప్రిల్ ఆఖర్లో మొదలయ్యే గోల్డెన్ వీక్ సెలవులు తప్పించి మే, లేదా అక్టోబర్ నవంబర్, ఇవే నా ఓటు.

శాకాహారులకి చిన్న ఇబ్బంది, జపాన్‌లో కూరగాయల సూప్‌లో కూడా ఎండు చేపల రసం ఉంటుంది, ఈ ద్వీపంలో అయితే అలాంటి ఎండు చేప తయారు చేయడం ఒక పాత వృత్తి. అందుకని వంటగది ఉన్న బస చూసుకుని, పులిహోర పేస్టు, పొడులు పట్టుకెళ్ళండి. ట్రెక్ రోజు పది గంటల తిండి మీరే మోసుకెళ్ళాలి, పైన షాపులు ఉండవు, నీళ్ళు మాత్రం వాగుల్లో పట్టుకుని తాగేస్తారు, గ్రానైట్ మీద పారిన నీళ్ళు కాబట్టి ఖనిజాలు తక్కువ, చాలా తేలిగ్గా ఉంటాయి. కొండెక్కేవాళ్ళ దగ్గర ఒక రోజుకి 1,000 యెన్లు, రాత్రి ఉంటే 2,000 విరాళంగా తీసుకుంటారు, బలవంతం లేదు, కానీ మరుగుదొడ్ల మలాన్ని కిందకి మోసుకురావడానికి కూడా అదే డబ్బు, ఇచ్చేయండి. రెయిన్‌కోటు పై ముక్క, కింద ముక్క విడివిడిగా ఉన్నది తీసుకోండి, గొడుగు పట్టుకుని కొండెక్కలేరు, మన పోంచోలు గాలికి నెత్తి మీదకి లేస్తాయి.

వెళ్ళే దారి సులభం, హకాతా (ఫుకుఒకా నగరం స్టేషన్) నుంచి కగొషిమాకి బుల్లెట్ రైల్లో గంటన్నర లోపే, అక్కడ నుంచి జెట్‌ఫాయిల్ పడవ రెండు గంటల చిల్లర, మామూలు ఫెర్రీ నాలుగు గంటలు, విమానం అయితే అరగంట పైన. జెట్‌ఫాయిల్ నీళ్ళ కింద రెక్కల మీద లేచి పోతుంది కాబట్టి వేగం, కానీ అలలు పెద్దవైతే ఆపేస్తారు, అలాంటప్పుడు కూడా పెద్ద ఫెర్రీ నడిచే అవకాశం ఎక్కువ. ఇండియాకి తిరుగు ఫ్లైట్‌ని ద్వీపం నుంచి వచ్చిన రోజే పెట్టుకోకండి, మధ్యలో కగొషిమాలో ఒక రాత్రి ఖాళీగా ఉంచండి, పడవ ఆగకపోతే ఆ రోజు ఎదురుగా పొగలు కక్కే సకురజిమా అగ్నిపర్వతం చూసి రావచ్చు, దానికి ఫెర్రీ పావుగంటే.