ఒకే గడప, రెండు దారులు: హత్యకు బలైనవారి కుటుంబాలకు, ప్రమాదంలో ఉన్న యువతకు అండ ఎలా మొదలైంది

ఒక ఇంట్లో పదిహేడేళ్ల కుర్రవాడు హత్యకు గురయ్యాడనుకుందాం. ఆ వారంలోనే తల్లి మీద ఎన్నో పనులు పడతాయి. మృతదేహాన్ని గుర్తించాలి, పోస్ట్‌మార్టం అయ్యేదాకా ఎదురుచూడాలి, పోలీసుల ప్రశ్నలకు జవాబు చెప్పాలి, అంత్యక్రియలకు డబ్బు సమకూర్చుకోవాలి. అదే ఇంట్లో పద్నాలుగేళ్ల తమ్ముడు ఉంటాడు. అన్నను చంపింది ఎవరో వీధిలో అందరికీ తెలుసు, అతనికీ తెలుసు. పరామర్శకు వచ్చినవాళ్లలో కొందరు తల్లి పక్కన కూర్చుంటారు, కొందరు తమ్ముడిని పక్కకు తీసుకెళ్లి పగ తీర్చుకోమంటారు.

ప్రభుత్వ కాగితాల్లో ఆ తల్లి ‘బాధితురాలు’, ఆ తమ్ముడు ‘ప్రమాదంలో ఉన్న యువకుడు’. ఇద్దరి సంగతి చూసే శాఖలు వేరు, నిధులు వేరు, చట్టాలు వేరు. నన్ను అడిగితే, ఈ రంగంలో జరిగిన పొరపాట్లలో చాలావాటికి మూలం ఈ విభజనే. ఒకే గడపలో ఉన్న ఇద్దరు రెండు దస్త్రాల్లోకి ఎలా వెళ్లారో తెలియాలంటే చాలా వెనక్కు వెళ్లాలి.

క్రీ.పూ. 1750 ప్రాంతంలో బాబిలోనియాను ఏలిన హమ్మురాబి శాసనంలో ఒక నియమం ఉంది. దోపిడీలో ఎవరైనా ప్రాణం కోల్పోయి, దోపిడీ చేసినవాడు దొరక్కపోతే, ఆ ఊరూ దాని అధికారీ కలిసి మృతుడి బంధువులకు ఒక మీనా వెండి తూచి ఇవ్వాలి. మీనా అంటే సుమారు అర కిలో. హంతకుడు దొరకలేదన్న కారణంతో కుటుంబం గాలికి పోకూడదని, తన పరిధిలో పోయిన ప్రాణానికి ఊరు బాధ్యత వహించాలని దాని అర్థం. ఆధునిక ప్రభుత్వాలు మళ్లీ ఈ మాట దగ్గరకు రావడానికి మూడున్నర వేల ఏళ్లకు పైగా పట్టింది.

మధ్యలో జరిగింది ఇది. చాలా సమాజాల్లో హత్య రెండు కుటుంబాల మధ్య వ్యవహారంగా ఉండేది. పగ తీర్చుకోవడమో, ప్రాణానికి వెల కట్టి తీసుకోవడమో జరిగేది. ఆంగ్లో-సాక్సన్ ఇంగ్లండులో ఆ వెలను వెర్‌గిల్డ్ అనేవారు. మనిషి హోదాను బట్టి అది మారేది. రాజుల అధికారం బలపడిన కొద్దీ హత్య అంటే రాజు నెలకొల్పిన శాంతికి భంగం అనే భావన స్థిరపడింది. కేసు రాజ్యానిది అయింది, జరిమానా ఖజానాకు చేరింది, మృతుడి కుటుంబం సాక్షుల వరుసలోకి జరిగింది. తరతరాల పగలకు ఈ మార్పు కళ్లెం వేసింది కాబట్టి దాన్ని తక్కువ చేయలేం. కానీ అందుకు కుటుంబాలు చెల్లించిన మూల్యాన్ని చాలాకాలం ఎవరూ లెక్కించలేదు. నార్వే నేరశాస్త్రవేత్త నిల్స్ క్రిస్టీ 1977లో దీన్ని సూటిగా చెప్పాడు: వివాదాన్ని దాని అసలు సొంతదారుల దగ్గర నుంచి రాజ్యం, వృత్తి నిపుణులు లాక్కున్నారు అని.

బాధితుల పరిహారం గురించిన ఆధునిక చర్చను ప్రధానంగా మొదలుపెట్టింది బ్రిటన్‌లో జైళ్ల సంస్కరణ కోసం జీవితమంతా పనిచేసిన మార్జరీ ఫ్రై. ఖైదీల పట్ల దయ చూపమని అడిగిన మనిషే బాధితుల సంగతి కూడా ఎత్తడం నాకు చాలా విలువైన విషయంగా తోస్తుంది. 1950ల్లో ఆమె చూపిన ఉదాహరణ ఒకటి మరపురానిది. దాడిలో చూపు కోల్పోయిన ఒక వ్యక్తికి కోర్టు 11,500 పౌండ్ల పరిహారం ఇప్పించింది. దాడి చేసిన ఇద్దరూ వారానికి చెరి ఐదు షిల్లింగుల (అంటే పావు పౌండు) చొప్పున కట్టాలి. ఆ లెక్కన చివరి వాయిదా అందుకోవాలంటే బాధితుడు మరో 442 ఏళ్లు బతకాలి. నేరస్థుడి జేబు నుంచి న్యాయం రాదు కాబట్టి సమాజమే ఆ భారాన్ని పంచుకోవాలన్నది ఫ్రై వాదన. ఆమె 1958లో మరణించింది. ఐదేళ్లకు, 1963లో, న్యూజిలాండ్ ప్రపంచంలో తొలి పరిహార చట్టం చేసింది. 1964లో బ్రిటన్, 1965లో అమెరికాలోని కాలిఫోర్నియా అదే బాట పట్టాయి. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 1985 నవంబరు 29న ఆమోదించిన ప్రకటన బాధితుల నిర్వచనంలోకి మృతుడి కుటుంబాన్నీ, అతనిపై ఆధారపడినవారినీ చేర్చింది. భారతదేశం నేర విచారణ చట్టానికి 357ఎ సెక్షన్ చేర్చి, 2009 డిసెంబరు 31 నుంచి రాష్ట్రాలు పరిహార పథకాలు నడపడాన్ని తప్పనిసరి చేసింది.

ఈ పథకాల్లో చాలావాటిలో ఒక షరతు చేరింది. చనిపోయిన వ్యక్తి ప్రవర్తన బాగుండాలి. గొడవలో అతని పాత్ర ఉందని అధికారులు భావిస్తే పరిహారం తగ్గించవచ్చు, పూర్తిగా నిరాకరించవచ్చు. బ్రిటన్‌లో కొంతకాలం దరఖాస్తుదారు ‘నడవడి, జీవన విధానం’ కూడా తూకంలోకి వచ్చేవి. ప్రజల పన్ను డబ్బు నేరస్థులకు పోకూడదన్నది దీనికి చెప్పిన కారణం. ఆచరణలో జరిగింది మరొకటి. పాత కేసు ఉన్న కుర్రవాడు హత్యకు గురైతే, అంత్యక్రియల ఖర్చు కోసం అర్జీ పెట్టిన తల్లికి తిరస్కరణ పత్రం వచ్చేది. ఆ తల్లి ఏ నేరమూ చేయలేదు. ఆమె బిడ్డ బాధితుడా, ప్రమాదకర యువకుడా అన్న ప్రశ్నకు ఎక్కడో కూర్చున్న ఒక గుమాస్తా జవాబు రాసేశాడు. పరిహార చరిత్రలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించే అధ్యాయం ఇదే.

డబ్బు సంగతి అలా ఉండగా, దుఃఖం సంగతి వైద్యులు ఆలస్యంగా పట్టించుకున్నారు. 1942లో బోస్టన్‌లోని ఒక నైట్‌క్లబ్బులో మంటలు చెలరేగి 492 మంది చనిపోయారు. వారి బంధువులనూ, ఇతర శోకార్తులనూ గమనించిన మనోవైద్యుడు ఎరిక్ లిండెమన్ 1944లో, ఆకస్మిక మరణం మిగిల్చే దుఃఖానికి శరీరంలోనూ మనసులోనూ గుర్తించదగిన లక్షణాలు ఉంటాయని రాశాడు. 1969లో ఇంగ్లండులోని కోవెంట్రీలో, బిడ్డలను కోల్పోయిన తల్లిదండ్రులు ఒకరికొకరు తోడుగా ఉండే సంఘం పుట్టింది. అయితే హత్య మిగిల్చే దుఃఖం అక్కడ కూడా ఇమడలేదు. జబ్బుతో పోయిన బిడ్డ గురించి మాట్లాడే గదిలో కోపం గురించి, కోర్టు వాయిదాల గురించి, హంతకుడు మళ్లీ వీధిలో కనబడటం గురించి మాట్లాడటం కష్టం. 1978లో కూతురిని హత్యలో పోగొట్టుకున్న షార్లెట్, రాబర్ట్ హల్లింజర్ దంపతులు అదే ఏడాది అమెరికాలోని సిన్సినాటిలో హత్యకు గురైన పిల్లల తల్లిదండ్రుల కోసమే ఒక సంఘం పెట్టారు. మరికొన్ని చోట్ల మొదట కదిలింది ఆడవాళ్లే. 1977లో అర్జెంటీనాలో సైనిక ప్రభుత్వం మాయం చేసిన తమ పిల్లల కోసం తల్లులు బ్యూనస్ ఎయిరిస్‌లోని మాయో చౌకులో గుమిగూడటం మొదలుపెట్టారు. 1991లో ఉత్తర ఐర్లండులో హింసకు భర్తలను కోల్పోయిన మహిళలు వేవ్ అనే సంస్థను నెలకొల్పారు.

ఇక రెండో దారి. పిల్లలను పెద్దల కోర్టుల నుంచి వేరు చేయాలన్న ఆలోచనతో 1899లో చికాగోలో తొలి బాలల న్యాయస్థానం ఏర్పడింది. ఆ నగరంలోనే సామాజికశాస్త్రవేత్త క్లిఫర్డ్ షా బాల నేరాలను నగర పటం మీద గుర్తిస్తూ వెళ్లాడు. దశాబ్దాల మధ్య ఆ పేటల్లో నివసించే జాతులు మారిపోయాయి, ఒకరు వెళ్లి ఇంకొకరు వచ్చారు. అయినా నేరాలు ఎక్కువగా ఉన్న పేటలు అవే. అంటే లోపాన్ని కుర్రవాళ్ల రక్తంలో వెతకడం వృథా, ఆ పేటల స్థితిగతుల్లో వెతకాలి. 1934లో అతను ప్రారంభించిన చికాగో ఏరియా ప్రాజెక్ట్ బయటి ఉద్యోగులను పంపే బదులు ఆ పేటలో పుట్టి పెరిగినవాళ్లనే పనిలోకి తీసుకుంది. వాళ్లు కుర్రవాళ్లు నిలబడే వీధి మూలల దగ్గరకే వెళ్లి మాట్లాడేవారు. ఈనాడు హింసను ఆపే కార్యక్రమాల్లో చాలావాటిలో కనిపించే పద్ధతి ఇదే. 1947లో న్యూయార్క్ నగరం ఏర్పాటు చేసిన యువజన మండలి కూడా తర్వాత ఇలాంటి వీధి కార్యకర్తలను నియమించింది.

ఆ తర్వాత గాలి మారింది. 1995లో అమెరికా రాజనీతిశాస్త్రవేత్త జాన్ డిలూలియో కరడుగట్టిన బాల నేరస్థుల తరం ఒకటి ముంచుకొస్తోందని హెచ్చరించాడు. అప్పటికే మొదలైన కఠిన చట్టాల వరవడి ఇంకా ఊపందుకుంది, పిల్లలను పెద్దల కోర్టుల్లో విచారించడం అనేక రాష్ట్రాల్లో తేలికైంది. ఆ తరం రాలేదు. బాల నేరాలు తగ్గుతూ పోయాయి. చట్టాలు మాత్రం చాలాచోట్ల ఉండిపోయాయి.

ఈ రెండు దారులనూ కలిపిన పని ఏ మంత్రిత్వ శాఖా చేయలేదు. బిడ్డలను పోగొట్టుకున్నవాళ్లు చేశారు. డెట్రాయిట్‌లో పదహారేళ్ల కొడుకును కోల్పోయిన క్లెమెంటీన్ బార్‌ఫీల్డ్ 1987లో ఒక సంఘం పెట్టింది. దుఃఖంలో ఉన్న కుటుంబాలకు అండగా నిలవడం, బతికి ఉన్న పిల్లలను కాపాడుకోవడం, రెండూ ఆ సంఘానికి ఒకటే పని. 1993 డిసెంబరు 20న బోస్టన్‌లో లూయీ బ్రౌన్ అనే పదిహేనేళ్ల కుర్రవాడు ముఠాల కాల్పుల మధ్య చిక్కుకుని చనిపోయాడు. అతను వెళుతున్నది ముఠా హింసను వ్యతిరేకించే పిల్లల బృందం ఏర్పాటు చేసిన వేడుకకు. మరుసటి ఏడాది అతని తల్లి క్లెమెంటీనా చెరీ కుటుంబంతో కలిసి అతని పేరిట శాంతి సంస్థను నెలకొల్పింది. ఆ సంస్థ చేసిన పనుల్లో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది, హత్య జరిగిన వెంటనే కుటుంబం ఏమేం చేయాలో అంచెలంచెలుగా చెప్పే పుస్తకం. బుర్ర పనిచేయని ఆ రోజుల్లో ఎవరికి ఫోను చేయాలి, అంత్యక్రియలకు ఏం కావాలి, ఏ కాగితం ఎక్కడ దొరుకుతుంది అన్నవి చేతిలో ఉండటం ఎంత సాయమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. అంతకన్నా కష్టమైన మరో పని కూడా వాళ్లు చేస్తున్నారు: నిందితుల కుటుంబాలకు కూడా తోడ్పాటు ఇవ్వడం.

1995లో శాన్ డియాగోలో అజీమ్ ఖమీసా ఇరవై ఏళ్ల కొడుకు తారిఖ్‌ను ఒక పద్నాలుగేళ్ల పిల్లవాడు కాల్చి చంపాడు. తుపాకీకి రెండు వైపులా బాధితులే ఉన్నారని ఖమీసా భావించాడు. కాల్చిన పిల్లవాడిని పెంచిన తాత ప్లెస్ ఫీలిక్స్‌ను తానే చొరవ తీసుకుని కలిశాడు. అప్పటి నుంచి ఇద్దరూ కలిసి బడులకు వెళ్లి పిల్లలతో మాట్లాడారు. అందరు తండ్రులూ అలా చేయాలని ఆశించడం అన్యాయం. క్షమించలేని తండ్రికి కూడా అంతే అండ దక్కాలి.

ఇదే కాలంలో వైద్య రంగం కూడా ముందుకు వచ్చింది. 1996లో ప్రపంచ ఆరోగ్య సభ హింసను ప్రజారోగ్య సమస్యగా ప్రకటించింది. అంతకు రెండేళ్ల ముందే కాలిఫోర్నియాలోని ఓక్లండులో, తూటా గాయాలతో ఆసుపత్రిలో చేరిన కుర్రవాళ్ల మంచం దగ్గరకు అలాంటి అనుభవమే ఉన్న కార్యకర్తలను పంపడం మొదలైంది. ప్రతీకార నిర్ణయాలు చాలావరకు ఆ మంచం చుట్టూనే జరుగుతాయి కనుక మాట్లాడాల్సిన చోటు అదే. 2000లో కొడుకును కోల్పోయిన ఒక తల్లి మొదలుపెట్టిన సేవ తర్వాత, ఓక్లండులో ఈ పని నడిపే సంస్థలోనే భాగమైంది. హత్య జరిగిన కుటుంబానికి అంత్యక్రియల నుంచి పరిహారం అర్జీ దాకా తోడుండటం ఆ సేవ పని. అదే 2000 సంవత్సరంలో, విదేశాల్లో అంటువ్యాధులపై పనిచేసి వచ్చిన వైద్యుడు గ్యారీ స్లట్కిన్ చికాగోలో తన కార్యక్రమాన్ని ఆరంభించాడు. ఒకప్పుడు ముఠాల్లో తిరిగినవాళ్లను మధ్యవర్తులుగా పెట్టి, హత్య తర్వాత మరో హత్య జరగకుండా అడ్డుకోవడం అతని పద్ధతి. ఫలితాలు అన్ని నగరాల్లో ఒకేలా లేవు. కొన్నిచోట్ల కాల్పులు బాగా తగ్గాయి, కొన్నిచోట్ల తేడా కనబడలేదు.

స్కాట్లండులో 2005లో పోలీసులే గ్లాస్గో కేంద్రంగా హింస తగ్గింపు విభాగాన్ని ప్రారంభించారు. 2008లో ముఠాల కుర్రవాళ్లను కోర్టు గదికి పిలిపించి, చదువు, ఉద్యోగం, సహాయం ఇస్తామని, హింస మానకపోతే ముఠా మొత్తం మీద చర్య తీసుకుంటామని చెప్పారు. ఆ సమావేశాల్లో కత్తుల దాడికి గురైన కుర్రవాడి తల్లి కూడా మాట్లాడింది. అధికారుల బెదిరింపులకు చలించని కుర్రవాళ్లు ఆమె మాటలకు తల దించుకున్నారని నిర్వాహకులు చెప్పారు. ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఇతరుల పిల్లల కోసం తన గాయాన్ని పదేపదే విప్పి చూపే తల్లికి ఆ తర్వాత ఎవరు తోడుంటారన్న ప్రశ్న చాలా కార్యక్రమాల ప్రణాళికల్లో కనబడదు.

సంపన్న దేశాలకే ఇది సాధ్యమన్న అభిప్రాయాన్ని లైబీరియా అనుభవం మార్చింది. అంతర్యుద్ధం ముగిసిన తర్వాత ఆ దేశ రాజధాని మన్రోవియాలో, వీధి నేరాల్లో ఉన్న 999 మంది యువకులతో ఒక ప్రయోగం జరిగింది. కొందరికి ఎనిమిది వారాల పాటు ఆలోచనా సరళిని మార్చే శిక్షణ, కొందరికి 200 డాలర్లు, కొందరికి రెండూ ఇచ్చారు. పదేళ్ల తర్వాత చూస్తే, రెండూ అందుకున్నవారిలో దొంగతనాలు, హింస దాదాపు సగం తగ్గి కనిపించాయి. శిక్షణ ఇచ్చినవాళ్లలో ఒకప్పటి సైనికులూ వీధి కుర్రవాళ్లూ ఉన్నారు. షా 1934లో ఎంచుకున్న దారే ఇది.

కుటుంబాల అవసరాలను మాత్రం ఇంత శ్రద్ధగా కొలవలేదు. 2011లో ఇంగ్లండు, వేల్స్ బాధితుల కమిషనర్ లూయీజ్ కేసీ నాలుగు వందలకు పైగా కుటుంబాలను విచారించి ఇచ్చిన నివేదిక ఈ విషయంలో అరుదైనది. ఎనభై శాతానికి పైగా మందిలో తీవ్ర మానసిక ఆఘాతపు లక్షణాలు కనిపించాయి. అంత్యక్రియలు, ప్రయాణాలు, కోర్టు ఖర్చులు, పోయిన ఉద్యోగాలు కలిపి ఒక్కో కుటుంబం మీద సగటున 37,000 పౌండ్ల భారం పడింది.

ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల కార్యాలయం లెక్క ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా 4,58,000 మంది హత్యకు గురయ్యారు. అంటే గంటకు సగటున 52 ఇళ్లలో ఈ విపత్తు. డబ్బు మాత్రం రాజకీయాల వెంట ఊగిసలాడుతోంది. అమెరికా 2022లో పేటల్లో జరిగే ఇలాంటి హింస నివారణకు 25 కోట్ల డాలర్లు కేటాయించింది. 2025 ఏప్రిల్‌లో అక్కడి న్యాయశాఖ ఈ రంగంతో పాటు బాధితుల సేవలకూ చెందిన మూడు వందలకు పైగా గ్రాంట్లను మధ్యలోనే రద్దు చేసింది. దాంతో పలు సంస్థలు వీధుల్లో తిరిగే కార్యకర్తలను తొలగించాయి. ఆ పేటల్లో వాళ్ల మాట చెల్లడానికి ఏళ్లు పట్టింది, కొత్తవాళ్లు వస్తే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. చనిపోయిన బిడ్డ నడవడిని చూసి తల్లి అర్జీని తోసిపుచ్చే నిబంధన కొన్ని రాష్ట్రాల్లో సడలింది, చాలాచోట్ల ఇంకా అమల్లో ఉంది.